అడక్కముందే

"మీ మాత్రలు టేబుల్ మీద పెట్టానత్తయ్యా. ఎర్రది పొద్దున, తెల్లది మధ్యాహ్నం. పాలు కాచి దించాను. కూరలో ఉప్పు కాస్త తగ్గింది, కావాలంటే కలుపుకోండి. ఏమండీ, మీ నీలం చొక్కాకి గుండీ కుట్టాను, కుర్చీ మీద ఉంది. ఇవాళ నెలాఖరు, రావడం ఆలస్యమవుతుంది. రాత్రికి కూడా వండేసి ఫ్రిజ్‌లో పెట్టాను."

ఇదంతా ఆమె గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి, రెండో చెప్పు తొడుక్కుంటూ చెప్పింది. ఎవరూ అడగలేదు. వినేవాళ్ళు ఉన్నారో లేదో కూడా తెలియదు. భర్త స్నానాల గదిలో ఉన్నాడు, అత్తగారు టీవీ ముందు ఉన్నారు. అయినా చెప్పింది. చెప్పకుండా గడప దాటితే ఆమెకు ఏదో మరిచిపోయి వచ్చినట్టే ఉంటుంది.

కాపురానికి వచ్చిన కొత్తలో ఇలా ఉండేది కాదు. ఒకరోజు బ్యాంకులో లెక్క తేలక ఆలస్యంగా వచ్చి, మాట్లాడకుండా కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు కేకలేమీ వేయలేదు. "ఏమమ్మా, లాడ్జిలో దిగినట్టు వచ్చి పోతున్నావు, ఒక మాట చెప్పాలని ఉండదా?" అన్నారు అంతే. భర్త పేపరులోంచి తలెత్తకుండా, "దాచేదేముంది, చెబితే పోలా" అన్నాడు. ఆమె దాచిందేమీ లేదు. కానీ ఆ మాటతో దాచినట్టే అయింది. అప్పటి నుంచి అడిగే పని పెట్టకుండా తానే ముందు చెప్పేయడం మొదలుపెట్టింది. ఎక్కడికి వెళ్ళింది, ఎవరితో మాట్లాడింది, పుట్టింటి నుంచి ఫోన్ వస్తే ఎందుకొచ్చింది, అన్నీ. ఆమె జీతం పడిందన్న మెసేజ్ కూడా భర్త ఫోన్‌కే వస్తుంది. "నీ ఫోన్ ఎప్పుడు చూసినా సైలెంట్‌లోనే ఉంటుంది కదా, నా నంబరు ఇవ్వు" అన్నాడు, ఇచ్చింది. బ్యాంకుకు వచ్చే ప్రతి ఆడమనిషికీ మీ సొంత నంబరే ఇవ్వండమ్మా అని చెప్పేది కూడా ఈమే. చెప్పేటందుకే ఉన్నాయి నీతులు.

కోడలు బంగారం, ఏదీ కడుపులో దాచుకోదు అని అత్తగారు నలుగురిలో మెచ్చుకుంటారు. ఆ మెప్పు ఆమెకు ఇష్టంగానే ఉండేది, ఈ మధ్య వరకు.

బ్యాంకులో ఆమెను లాకర్ మేడమ్ అంటారు. కౌంటర్ల వెనక నేలమాళిగలో లాకర్ గది ఉంది, ఆ గది ఆమె బాధ్యత. ప్రతి లాకరుకూ రెండు తాళాలు. ముందు బ్యాంకు తాళంచెవి ఆమె తిప్పాలి, తర్వాత కస్టమర్ తన తాళంచెవి తిప్పుకోవాలి. తలుపు తెరుచుకోవడంతో ఆమె వెనక్కి తిరిగి బయటికి వచ్చేయాలి. లోపల ఏముందో చూడకూడదు, ఎవరొచ్చారో ఇంకొకరికి చెప్పకూడదు. చేతులతో చేసేది తక్కువ, కళ్ళూ నోరూ మూసుకుని చేసేదే ఎక్కువ. కళ్ళు మూసుకోవడం ఆమెకు బాగానే వచ్చింది. నోటి దగ్గరే వచ్చింది తంటా.

కిందటి నెలలో ఒకావిడ వచ్చింది. చేతిలో కూరగాయలు తెచ్చుకునే గుడ్డసంచి. భార్యాభర్తల పేర్ల మీద ఉన్న లాకరు, ఇద్దరిలో ఎవరైనా వచ్చి తెరవచ్చు. కానీ ఎప్పుడూ భర్తే వచ్చేవాడు. ఎప్పుడు చూసినా మడత నలగని చొక్కా, నవ్వు ముఖం, గుమ్మంలోంచే నమస్కారం. బ్యాంకులో అందరూ ఆయన్ని ఇస్త్రీ చొక్కా అనుకునేవారు, ప్రేమగానే. ఆవిడ రావడం మాత్రం అదే మొదటిసారి. లోపలికి వెళ్ళి క్షణాల్లో బయటికి వచ్చింది. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ ఫైలు అంచు కనబడుతోంది.

"సర్టిఫికెట్లండీ. నా చదువువి. రెండ్రోజుల్లో తెచ్చి పెట్టేస్తాను," అంది ఆవిడ, ఈమె అడక్కపోయినా. ఆ తొందర, ఆ సంజాయిషీ ఈమెకు ఎక్కడో విన్నట్టు అనిపించాయి. ఎక్కడో ఆలోచించే తీరిక లేకపోయింది, పైన కౌంటర్ దగ్గర జనం.

మర్నాడు ఇస్త్రీ చొక్కా ఆయన వచ్చాడు. మెట్లు దిగుతూ, "బాగున్నారా మేడమ్?" అన్నాడు. తాళంచెవుల గుత్తి తీస్తూ ఈమె నవ్వుతూ అంది: "నిన్ననే మేడమ్ గారు వచ్చి వెళ్ళారుగా, మళ్ళీ మీరు శ్రమపడ్డారా?"

"అలాగా," అన్నాడు ఆయన. నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం ఒక్క క్షణం ఆగాయి. లోపలికి వెళ్ళాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి, "చాలా థాంక్సండీ" అని చేతులు జోడించి మరీ వెళ్ళాడు. లాకర్ గదిలో తలుపు తీసినందుకు అంత వంగి ఎవరూ దండం పెట్టరు. ఆ దండం దేనికో ఆమెకు మెట్లెక్కుతుండగా తెలిసింది.

నోరు మంచిదైతే ఊరు మంచిది అని చిన్నప్పుడు బడిలో చెప్పించారు. తన నోరు మంచిదే. మంచిదై ఉండే ఇంత పని చేసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని కూడా అదే బడిలో చెప్పారు, అది మాత్రం బుర్రకెక్కలేదు.

రెండ్రోజుల్లో వస్తానన్న ఆవిడ రాలేదు. ఈమె ఎదురుచూసింది. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే లేచి నిలబడేది. తన క్యాబిన్ పక్కన కూర్చునే క్యాషియరమ్మతో ఒకసారి నోరు విప్పింది. క్యాషియరమ్మ చేతిలో పని ఆపకుండా, "మొగుడికి చెప్పావు, పోలీసులకి కాదుగా. మొగుడూ పెళ్ళాం మధ్య దాపరికం ఏమిటి?" అంది. ఆ మాట తన భర్త గొంతులా వినబడి ఈమె రిజిస్టరు ముందుకు లాక్కుంది.

ఇంట్లో కూడా అంతే. "అదోలా ఉన్నావేం, ఏం చేశావు?" అని భర్త మామూలుగా అడిగితే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంది. ఆమెకు అపరాధభావం కొత్త కాదు. బ్యాంకులో ఉన్నంతసేపూ ఇంట్లో లేనందుకు, ఇంట్లో ఉన్నంతసేపూ బ్యాంకు పని మిగిల్చి వచ్చినందుకు, అత్తగారికి మోకాలు నొప్పి పుడితే అందుకు, అన్నం మెత్తబడితే అందుకు, అన్నింటికీ ముద్దాయి తానే. కానీ అవన్నీ ఎవరో తెచ్చి ఆమె ఒళ్ళో పడేసిన తప్పులు. మోసీ మోసీ అలవాటైపోయాయి, బరువు కూడా తెలియడం మానేసింది. ఇది అలాంటిది కాదు. ఇది ఎవరూ అంటగట్టింది కాదు, ఎవరికీ తెలిసింది కాదు. పూర్తిగా తన సొంతం. రాత్రి అంట్లు తోముతుంటే ఆ గుడ్డసంచి గుర్తొచ్చి, తోమిన గిన్నెనే మళ్ళీ తోమేది.

ఇవాళ నెలాఖరు రద్దీలో ఇద్దరూ కలిసి వచ్చారు. ఆయన చొక్కా ఎప్పటిలాగే ఉంది. ఆవిడ వెనక రెండడుగుల దూరంలో నిలబడింది. సంచి ఉంది గానీ ఖాళీగా వేలాడుతోంది. ముఖం మీద దెబ్బలూ గాట్లూ ఏమీ లేవు. వెతికిన తన కళ్ళను చూసి తనకే సిగ్గేసింది.

"ఈవిడ పేరు లాకర్లోంచి తీసేయాలండీ," అన్నాడు ఆయన కుర్చీ లాక్కుని. "ఎందుకొచ్చిన శ్రమ, అస్తమానం ఎండలో పడి రావడం. నేనొక్కణ్ణీ చూసుకుంటాను. సంతకం పెట్టించుకోండి."

ఆవిడ ఈమె వైపు చూసింది. కోపంగా కాదు, వేడుకోలుగా కూడా కాదు. రావలసిన బస్సు వస్తుందా రాదా అని చూసే మనిషిలా చూసింది. మధ్యలో ఆయన ఒక కవరుతో వచ్చి లాకరు తెరిపించుకుని వెళ్ళింది గుర్తొచ్చి, ఫైలు మళ్ళీ లాకర్లోకి చేరిందని ఈమెకు అర్థమైంది. ఇప్పుడు ఆవిడ సంతకం పెడితే, ఆ చదువంతా ఇక ఆయన జేబులోని తాళంచెవి కింద ఉండిపోతుంది.

ఆమె సొరుగులోంచి ఫారం తీసింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో కస్టమరుతో అబద్ధం ఆడలేదు. "తీసేయొచ్చండీ," అంది, "కాకపోతే తన వస్తువులేవీ అందులో మిగల్లేదని ఆవిడ ఒక్కరే చూసుకుని చెప్పాలి. పక్కన ఇంట్లోవాళ్ళు ఉండకూడదు. పై నుంచి వచ్చిన కొత్త రూలు."

పై నుంచి వచ్చిందంటే బ్యాంకులో ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ఆయన మాత్రం ఆగాడు. నవ్వు కాస్త సన్నబడింది. "ఒక్కర్తేనా?"

"నేను పక్కనే ఉంటానుగా," అంది ఆమె.

ఆ మాటకి ఆయన ముఖం విప్పారింది. జేబులోంచి తాళంచెవి తీసి ఈమె చేతిలోనే పెట్టాడు. "మీరుంటే నాకేం భయం మేడమ్," అన్నాడు. ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

మెట్లు దిగుతుండగానే చెప్పేయాలనుకుంది. నోరు రాలేదు. బ్యాంకు తాళంచెవి తిప్పింది, రెండోది ఆవిడకు ఇచ్చింది. వెనక్కి తిరిగి వెళ్ళాల్సిన మనిషి వెళ్ళకుండా నిలబడి అంది: "ఆ రోజు మీరొచ్చారని ఆయనకి నేనే చెప్పానండీ. ఆయన అడగలేదు కూడా."

"తెలుసు," అంది ఆవిడ, తాళం తిప్పుతూ. "ఇంటికొచ్చి చెప్పారు. బ్యాంకు మేడమ్‌ని చూసి నేర్చుకో, అడక్కముందే అన్నీ చెప్పేస్తుంది, ఆడది అంటే అలా ఉండాలి అన్నారు."

అత్తగారి మెప్పూ ఈయన మెప్పూ ఒకటేనని, తాను ఇన్నేళ్ళూ ఏ పరీక్షలో పాసవుతూ వచ్చిందో, ఆ గదిలో ఆమెకు మొదటిసారి తెలిసింది.

"మిమ్మల్ని... ఏమైనా చేశారా?"

"ఆయన చెయ్యి చేసుకోరండీ. ఇంతవరకూ గట్టిగా అరిచింది కూడా లేదు. నా ఫోన్ తీసి బీరువాలో పెట్టేశారు, అంతే." ఆవిడ ఫైలు తీసి సంచిలోకి జార్చింది. పక్కన నగల పెట్టె ఉంది. దాన్ని ముట్టుకోలేదు. "మందుల షాపుల్లో పనిచేసే చదువు నాది. వేరే ఊళ్ళో ఆసుపత్రిలో ఉద్యోగం ఇస్తామన్నారు, ఉండటానికి గది కూడా. ఎల్లుండిలోగా ఇవి చూపించాలి. పక్కింటావిడ ఫోన్లోంచి మా పిన్ని కూతురికి చెప్పాను, బస్టాండులో ఉంటుంది. ఇవి దొరక్కపోయినా ఇవాళ వెళ్ళిపోదామనే వచ్చాను."

"నన్ను క్షమించండి," అంది ఆమె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడు అవన్నీ వద్దండీ, నాకు టైం లేదు," అంది ఆవిడ. చిరాకు లేదు, ఓదార్పూ లేదు. "ఆయన్ని కాసేపు కూర్చోబెట్టగలరా?"

ఏడుపు మధ్యలో ఆమెకు నవ్వొచ్చింది. బ్యాంకువాళ్ళని అడగవలసిన మాటేనా అది. మనుషుల్ని కూర్చోబెట్టడం తప్ప మేం చేసేదేమీ లేదని ఊరంతా తిడుతుంటే.

పైకొచ్చి ఆయన్ని తలుపు వైపు వీపు ఉండే కుర్చీలోకి మార్చింది, ఇక్కడ గాలి బాగా వస్తుందండీ అని. ఆవిడ నిలబడే, ఈమె చూపించిన చోట గబగబా సంతకం పెట్టేసింది, ఆ పెట్టెతో తనకింక పని లేనట్టుగా. ఆ తర్వాత ఆయన వంతు. ఇక్కడొకటి. వెనక పక్కన ఒకటి. ఈ సంతకం పాతదానితో కాస్త తేడాగా ఉందండీ, మళ్ళీ పెట్టండి. మీ ఇంటి అడ్రసు మారిందా, మారలేదా, మారలేదనే రాయండి. ఫొటో లేదా, ఫరవాలేదు, గుర్తింపు కార్డు ఏదైనా చూపించండి. కాపీ తీయించి తెస్తాను. మిషను మొరాయిస్తోంది, ఒక్క నిమిషం. క్యాషియరమ్మ అద్దంలోంచి విచిత్రంగా చూస్తోంది. గుడ్డసంచి హాలు దాటి, గార్డు ముందు నుంచి నడిచి, ఎండలోకి వెళ్ళిపోవడం ఆమె చూసింది. కాపీ తీస్తూ తల తిప్పకుండా చూసింది.

ఊపిరి తేలిక పడుతుందేమో అనుకుంది. పడలేదు. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఆవిడ ఇవాళ ఇలా పరిగెత్తవలసిన పనే ఉండేది కాదు. ఫోనూ, ఉన్న నాలుగు బట్టలూ సర్దుకుని, తన వీలు చూసుకుని వెళ్ళేది. ఇప్పుడు ఖాళీ చేతులతో వెళుతోంది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు ఇవి. కాలినవి మాత్రం తన చేతులు కావు.

"లోపల ఏమైనా తీసిందా మేడమ్?" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి, ఇంటిమనిషిని అడిగినట్టు.

"మేము చూడమండీ."

ఆయన నొచ్చుకున్నట్టు నవ్వాడు. ఇంకో కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టి, మెడ తిప్పి చూశాడు. వెనక కుర్చీలు, జనం, గార్డు. లేచి నిలబడ్డాడు. చొక్కా వీపు మీద మొదటిసారి మడత పడి ఉంది.

"మా ఆవిడేదండీ? ఇప్పుడు ఇక్కడే ఉంది. ఎటు వెళ్ళింది?"

జవాబు నాలుక చివరే ఉంది. ఇన్నేళ్ళూ అడక్కముందే చెప్పిన నాలుక, ఇప్పుడు అడిగాక ఎంత తొందరపడుతోందో ఆమెకు తెలుస్తోంది. తన భర్తకు ఈ సంగతి ఎలాగైనా తెలుస్తుంది, మేనేజర్ పిలుస్తాడు, రేపో ఎల్లుండో సంజాయిషీ రాయాలి. అన్నీ తెలుసు. కాగితాలు సర్ది, పెన్ను తిప్పి ఆయన వైపు పెట్టింది.

"ఎవరొచ్చారో, ఎటు వెళ్ళారో మేము చెప్పమండీ," అంది. "కూర్చోండి, ఇక్కడింకో సంతకం ఉంది."