నలభై ఆరో పేజీలో చిట్కా

మా ఆయన చెప్పులు విప్పకుండానే తిట్టడం మొదలుపెట్టారంటే, ఆ రోజు యూనివర్సిటీకి ఏదో కాగితం వచ్చిందని అర్థం. ఆయన ప్రొఫెసరు. రోగులకు పనికొచ్చే చిన్న చిన్న పరికరాలు తయారుచేసే విభాగం ఆయనది. ఆ రోజు కాగితం పేటెంటు ఆఫీసు నుంచి వచ్చింది.

"నాలుగేళ్ల పని! ఎవరో పనీ పాటా లేని ఇల్లాలు వారపత్రికలో చిట్కా రాసిందట. అది చూపించి, మీరు చేసింది కొత్తదేం కాదంటాడా?"

మంచినీళ్ల గ్లాసు అందించి, కాగితం అందుకున్నాను. ఆయన పని నాకు అర్థమైనా కాకపోయినా కాగితం మాత్రం పూర్తిగా చదువుతాను. కాలేజీలో అలవాటైన పని, పెళ్లయ్యాక కరెంటు బిల్లుల మీదా మందుల చీటీల మీదా సాగుతోంది.

సంగతి ఇది. కంటి జబ్బుతో రోజూ చుక్కలు వేసుకోవలసిన పెద్దవాళ్లకు చేతులు వణుకుతాయి. చుక్క కంట్లో తప్ప అన్నిచోట్లా పడుతుంది. మా ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి దీనికోసం ఒక బుల్లి ప్లాస్టిక్ గిన్నె చేసింది. అది కంటి చుట్టూ ఎముక మీద ఆనుతుంది. చుక్కల సీసా అందులో తలకిందులుగా కూర్చుంటుంది. గిన్నె అంచున చిలకముక్కులా వంగిన కొస ఒకటి కింది రెప్పను మెల్లగా కిందికి లాగి పట్టుకుంటుంది. దరఖాస్తులో దాని పేరు "కంటియందు ద్రవౌషధ బిందువులను విడుచు సాధనము". ల్యాబులో అందరూ చిలకముక్కు అనే అంటారు.

పేటెంటు వస్తే ఒక కంపెనీ దాన్ని తయారుచేస్తానంది, ఆ అమ్మాయిని కూడా పనిలోకి తీసుకుంటానంది. రాకపోతే రెండూ లేవు. ఈ రెండు మాటలూ ఆ అమ్మాయే మా వంటింట్లో నిలబడి, గోరు కొరుక్కుంటూ నాతో చెప్పింది.

పేటెంటు ఆఫీసు పరీక్షకుడు మూడు పాత ఆధారాలు చూపించాడు. మొదటి రెండూ ఎక్కడెక్కడివో పాత పేటెంట్లు. వాటికి జవాబు ఉందట. మూడోది పందొమ్మిదేళ్ల కిందటి వారపత్రిక, నలభై ఆరో పేజీ. ఏదో గ్రంథాలయం పాత సంచికలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టింది, అతనికి దొరికింది. చిట్కా మొత్తం అక్కడే అచ్చేశాడు.

"దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూతను పారేయకండి. అడుగున వేడి సూదితో రంధ్రం చేసి, కంటి మీద బోర్లించి, చుక్కల సీసా మూతి అందులో ఉంచి నొక్కండి. ఒక్క చుక్క కూడా వృథా కాదు."

దాని కింద పరీక్షకుడి వ్యాఖ్య: ముక్కు లేకుండానే ఒక్క చుక్క కూడా వృథా కాదని పందొమ్మిదేళ్ల కిందటే లోకానికి తెలుసు. ఇక ఆ ముక్కు వల్ల కొత్తగా ఒరిగేదేమిటి?

నేను కాగితం మడిచి బల్ల మీద పెట్టాను.

"ఎవరో ఒక చిట్కాల రచయిత్రి..." అని ఆయన ఇంకా అంటున్నారు. "దీనికి మళ్లీ బహుమతి కూడా ఇచ్చి ఉంటారు!"

"ఇచ్చారు. జగ్గు."

"ఏ జగ్గు?"

"మీరు రోజూ స్నానం చేసేది. నీలం రంగుది."

ఆయన నన్ను చూశారు. స్నానాల గది వైపు చూశారు. మళ్లీ నన్ను చూశారు.

"పేరు నీది కాదుగా!"

"నాదే. పుట్టింటి ఇంటిపేరుతో పంపాను."

లోపలి గదిలోంచి మా అత్తగారి నవ్వు వినిపించింది. ఆవిడ కళ్లు అంతంతమాత్రం గానీ చెవులు మహా చురుకు. "ఏరా, ప్రపంచంలో ఉన్న పేటెంట్లన్నీ మూడు నెలలు వెతికానన్నావే! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావన్నమాట. పందొమ్మిదేళ్ల నుంచీ ఈ ఇంట్లో పొద్దునా సాయంత్రం ఆ మూతతోనే కదరా నాకు చుక్కలు పడుతున్నాయి!"

"పొద్దునా సాయంత్రం నేను ల్యాబులో ఉంటానమ్మా."

"మరి నువ్వు చేసినదాన్ని ఒక్కసారైనా ఇంటికి తెచ్చి చూపించావా?"

"రహస్యమమ్మా అది. దరఖాస్తు పెట్టేదాకా ఎవరికీ చూపించకూడదు."

"చూపించి ఉంటే అప్పుడే చెప్పేదాన్నిగా" అన్నారు ఆవిడ. పనీ పాటా లేని ఇల్లాలు అన్న మాటను మాత్రం నేను మనసులో ఒక మేకుకు తగిలించి పెట్టుకున్నాను.

మర్నాడు యూనివర్సిటీ తరఫు పేటెంటు లాయరు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఏది విన్నా ముందు తల ఊపి, తరవాత కాదనే రకం. అతని వెనకే పరిశోధన చేసే అమ్మాయి. చిట్కా నాదని విన్నాక ఆ పిల్ల నన్ను చూసిన చూపులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది.

"మేడమ్, మన అదృష్టం కొద్దీ మీరు దొరికారు" అన్నాడు లాయరు. "జవాబుకి పదిహేను రోజులే గడువు. చిట్కా ప్రకారం చేసి చూస్తే చుక్కలు సరిగ్గా పడవని మనం పరీక్ష చేసి చూపించాలి. దాన్ని రాసిన మనిషే ప్రమాణపత్రం ఇస్తే ఇక తిరుగుండదు."

"అంటే నా చిట్కా పనికిరాదని నేనే రాసివ్వాలా?"

తల ఊపాడు. "అలా కాదు మేడమ్. లోపభూయిష్టం అంటే చాలు."

నా జీవితంలో అచ్చయింది ఆ మూడు వాక్యాలే. దాన్ని కత్తిరించి నా డిగ్రీ కాగితాల మధ్య దాచుకున్నాను. అయినా ఆ అమ్మాయి కొరుక్కోవడానికి ఇక గోళ్లు కూడా మిగిలినట్టు లేవు. సరే పరీక్ష పెట్టండి, నేనూ వస్తాను అన్నాను.

ల్యాబు అంటే ఏదో ఊహించుకున్నాను. మూడు పొడుగాటి బల్లలు, ఒక ప్రింటరు, కుర్చీ వీపుకి వేలాడుతున్న చెమట తువ్వాలు. మందుకు బదులు శుభ్రమైన ఉప్పునీటి చుక్కలు. కంటి చుట్టూ చుక్కను పీల్చే కాగితం కత్తిరించి అతికించారు. చుక్క తప్పిపోతే కాగితం తడుస్తుంది, ఎక్కడ పడిందో తెలుస్తుంది. పరీక్షకు మా అత్తగారు సిద్ధం. ఇంట్లోంచి బయటికి కదిలి చాలా రోజులైందేమో, మంచి చీర కట్టుకుని వచ్చారు.

కొలత మూతకు ఆ అమ్మాయి డ్రిల్లుతో రంధ్రం చేసి ఉంచింది. అత్తగారి చేతికిచ్చారు. పది చుక్కల్లో రెండు కంట్లో పడ్డాయి.

లాయరు మొహం వెలిగింది. మా ఆయన "రాసుకో, రాసుకో" అన్నారు.

నేను ఆ మూతను వెలుగులో పెట్టి చూశాను. "ఇది నా చిట్కా కాదు."

"ఏమిటి మేడమ్?"

"వేడి సూదితో అని రాశాను. ఇంత పెద్ద రంధ్రం చేస్తే సీసా మూతి అటూ ఇటూ ఆడక ఏం చేస్తుంది? అంచు కూడా గరుకుగా వదిలేశారు."

"మేడమ్, ఇలాగే ఉండనివ్వండి. మనకి మంచిదేగా!"

"మీకు మంచిది. నేను చెయ్యని తప్పు నా పేరు మీద ఎందుకు?"

మా ఆయన నుదురు పట్టుకున్నారు. "ఏమోయ్, ఇది వంటల పోటీ కాదు."

"కాదు. వంటల పోటీలో అయితే ఇంత అన్యాయం చెయ్యరు."

సంచిలోంచి నా కొలత మూతా సూదీ తీశాను. సూదిని దీపం మీద కాల్చాను, ఒక్క పోటుతో రంధ్రం చేశాను, అంచును నునుపుగా రుద్దాను. పందొమ్మిదేళ్లలో ముప్పై మూతలైనా చేసి ఉంటాను. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఇంట్లో వేసినట్టే వేశాను.

పదికి పది.

కాగితం ఎక్కడా తడవలేదు. లాయరు తల ఊపడం కూడా మర్చిపోయాడు. ఆ అమ్మాయి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది.

"గోరుచుట్టు మీద రోకటిపోటు" అన్నారు మా ఆయన మెల్లగా.

నాకు ఒక్క క్షణం గర్వంగా ఉందని అబద్ధమాడకుండా చెప్పాలి. రెండో క్షణంలో కిటికీ దగ్గర ఆ పిల్ల వీపు కనబడింది. ఒక గిన్నెడు పాలు విరిగితే ఎందుకు విరిగాయో తెలిసేదాకా ఊరుకోని మనిషిని. పదికి పది ఎలా వచ్చాయో తెలియకుండా ఇంటికెలా వెళ్తాను?

"అత్తయ్యగారూ, ఈ మూతే మీరు పట్టుకుని మీకు మీరే వేసుకోండి."

"నేనా? నువ్వు ఉండగా నాకేం ఖర్మ?"

"ఒక్కసారి."

ఆవిడ వేసుకున్నారు. మొదటి చుక్క కనుబొమ మీద పడింది. రెండోది ముక్కు పక్కన. మూడోది పడకముందే కన్ను మూసుకుపోయింది. నాలుగోది చెంప మీదుగా జారి నేరుగా చెవిలోకి. పదిలో మూడు మాత్రం దారి తెలుసుకుని కంట్లోకి వెళ్లాయి.

"ఇలాగే అయింది మొన్న కూడా" అన్నారు అత్తగారు కాగితంతో చెవి తుడుచుకుంటూ. "నువ్వు మీ చెల్లెలింటికి వెళ్లిన వారం రోజులూ చెవిలోనే వేసుకున్నాను. కంటి సంగతి తెలియదు గానీ చెవి మాత్రం భేషుగ్గా ఉంది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఇంకోసారి వెళ్లడం మానేస్తావుగా!"

నా చేతుల వంక చూసుకున్నాను. ఇందాక చుక్కలు వేసినప్పుడు కుడిచెయ్యి సీసా పట్టుకుంది. మరి ఎడమచెయ్యి? చిటికెన వేలు ఆవిడ గడ్డాన్ని ఎత్తి పట్టుకుంది. బొటనవేలు కింది రెప్పను కిందికి లాగి పట్టుకుంది. నోరు "పైకి చూడండి, ఫ్యాను చూడండి" అంటోంది. ఇవేవీ నలభై ఆరో పేజీలో లేవు. రోజూ చేసే పని కదా, రాయాలని తోచలేదు.

"ఇలా రామ్మా" అని ఆ అమ్మాయిని పిలిచాను. "నీ చిలకముక్కు ఒకసారి చూపించు."

తెచ్చి నా అరచేతిలో పెట్టింది. వంగిన ఆ కొస మీద నా బొటనవేలు ఆనించాను. అదే వంపు. ఆ పిల్ల నన్నెప్పుడూ చూడకుండానే నాలుగేళ్లు కష్టపడి నా బొటనవేలిని ప్లాస్టిక్‌లో పోసింది.

అత్తగారు దాన్ని కంటి మీద పెట్టుకుని, ఒక్కరే, పది చుక్కలు వేసుకున్నారు. తొమ్మిది లోపలికి వెళ్లాయి. పదోదానికి తుమ్ము వచ్చింది.

తరవాత మరో ఇద్దరు పెద్దవాళ్లతో చేసి చూశారు. నా మూతతో ఒంటరిగా అయితే మూడో నాలుగో, ముక్కుతో అయితే ఎనిమిదో తొమ్మిదో. లాయరు అక్కడే ప్రమాణపత్రం రాసి తెచ్చాడు. "సదరు చిట్కా లోపభూయిష్టమనియు..." అని ఉంది. నేను కలం తీసి కొట్టేశాను.

"మేడమ్, చట్టం భాష..."

"చట్టం భాషలో అబద్ధం ఉండొచ్చా?"

తల ఊపాడు. "ఉండకూడదు."

కింద నేనే రాశాను. "చిట్కా సరిగ్గానే ఉంది. రాసేటప్పుడు అందులో ఒక సాధనాన్ని వదిలేశాను. అది చుక్కలు వేసే మనిషి ఎడమచెయ్యి. ఆ మనిషి లేకపోతే పదింట మూడు చుక్కలే కంట్లో పడతాయి. ఈ ముక్కు ఆ మనిషి పని చేస్తుంది."

లాయరు రెండుసార్లు చదువుకున్నాడు. "నేను రాసినదానికంటే ఇదే గట్టిగా ఉంది" అన్నాడు. దరఖాస్తులో "ఇంకొకరి సాయం లేకుండా" అన్న నాలుగు మాటలు చేర్చాడు. మూడే కదా అన్నాను. లెక్కపెట్టుకుని దిద్దుకున్నాడు.

కారులో ఇంటికి చేరాం. గేటు దగ్గర మా ఆయన గొంతు సవరించుకుని, "పనీ పాటా లేని అన్నాను కదూ మొన్న" అన్నారు.

"అన్నారు."

"పాట సంగతేమో గానీ..." అని ఆగిపోయారు. ఆయనకు ఇంతకంటే క్షమాపణ రాదు. మేకు మీంచి ఆ మాట తీసేశాను.

ఎనిమిది నెలలకు పేటెంటు వచ్చింది. కనిపెట్టినవారు అన్నచోట ఆ అమ్మాయి పేరూ మా ఆయన పేరూ ఉన్నాయి. ఆ పేజీలోనే కింద, పరిశీలించిన పాత ఆధారాల వరసలో మూడోది వారపత్రిక, నలభై ఆరో పేజీ, పుట్టింటి ఇంటిపేరుతో నేను. దాని నకలు కూడా డిగ్రీ కాగితాల మధ్య పెట్టుకున్నాను. అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. కంపెనీ చేసిన మొదటి చిలకముక్కు తెచ్చి మా అత్తగారి చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున అలవాటుగా తువ్వాలు భుజాన వేసుకుని అత్తగారి గదికి వెళ్లాను. "అయిపోయింది. నీ పని చూసుకో" అన్నారు ఆవిడ, మహారాణిలా. తువ్వాలుతో గుమ్మంలోనే కాసేపు నిలబడ్డాను. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. ఏం చేసుకోవాలో తోచలేదు.

ఎక్కువ రోజులు తోచకుండా ఉండలేదు. మూడో రోజే కేక వినిపించింది. "అమ్మాయ్, నీ బొటనవేలు మంచం కిందికి దొర్లిపోయింది!"

గుండ్రటి గిన్నె కదా, బల్ల మీద పెడితే నిలవదు. రోజుకు రెండుసార్లు నేను మంచం కింద దూరి తియ్యడం. వారం చూశాను. పాత కోటు గుండీ ఒకటి తీసి, గిన్నె పక్కన అతికించాను. ఇక దొర్లదు. పైగా గుండీ తగిలిన చోట వేలు ఆనించుకుంటే వణికే చేతికి పట్టు కూడా దొరుకుతోందన్నారు అత్తగారు.

ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. గుండీని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"ఆంటీ, ఇది ఎవరికైనా చెప్పారా?"

"లేదమ్మా."

"పత్రికకి?"

నేను బల్ల మీదున్న కవరు వంక చూశాను. "అతికించాను. ఇంకా పోస్టు చెయ్యలేదు."

"సార్!" అని ఆ పిల్ల పెట్టిన కేకకు స్నానాల గది తలుపు తెరుచుకుంది. ఒంటికి తువ్వాలు చుట్టుకుని, నెత్తిన సబ్బు నురగతో, చేతిలో నీలం జగ్గుతో మా ఆయన పరుగెత్తుకొచ్చారు.

"ఆగు, ఆగు! పోస్టు చెయ్యకు!" అన్నారు. "నీకింకో జగ్గు నేను కొంటాను!"