ఏసమ్మ మీద కప్పిన చీర

దుకాణం అద్దం వెనక నిలబెట్టిన బొమ్మకు కట్టిన పట్టుచీర కుచ్చిళ్ళు సర్దబోయిన ఝాన్సీ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. మూడు వారాల కిందట శవపేటికలో ఏసమ్మ మీద తన చేతులతో కప్పిన చీర అది.

పొరపాటు పడ్డానేమో అనుకుని కొంగు లోపలి అంచు తిప్పి చూసింది. చిన్న ఎర్రదారం కుట్టు కనిపించింది. తన దుకాణంలో అమ్ముడైన ప్రతి చీరకూ, తిరిగి వస్తే గుర్తుపట్టడానికి తనే వేసే కుట్టు. ముదురాకుపచ్చ చీర, ఆవపువ్వు రంగు అంచు. అనుమానం లేదు. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ షెడ్డులో రోజుకు నాలుగువందల ఇరవైకి పొడి తూకం వేసే ఏసమ్మ, నెలకు ఐదువందల చొప్పున ఏడాదిపాటు కట్టి కొనుక్కున్న చీర. జన్మలో ఆమె కొన్న పట్టుచీర అదొక్కటే.

"శోభా, గీ చీర ఎప్పుడొచ్చింది?"

పనిమనిషీ, గుమాస్తా, వీడియోలు తీసే మనిషీ అన్నీ తానే అయిన శోభారాణి గల్లాపెట్టె వెనక నుంచి తల ఎత్తింది. "మంగళారం అక్కా. నువ్వు శామీర్‌పేట అపార్ట్‌మెంట్ల స్టాల్ పెట్టనీకి పోయినవ్ గద, గప్పుడు. మస్తుగుందని బొమ్మకు కట్టిన. పొద్దున వీడియోల గూడ పెట్టిన. ఒకటే ఫోన్లు!"

"ఎవరు తెచ్చిన్రు?"

"ఎనక తలుపు కాడికి ఒక పెద్దాయన వచ్చిండు. తెల్లగడ్డం. ఎడమ చేతికి బొటనవేలు సగమే ఉంది."

ఝాన్సీ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. ప్రెస్సు మిషన్ కింద సగం వేలు పోగొట్టుకున్న తెల్లగడ్డం మనిషి ఆమెకు ఒక్కడే తెలుసు. పరంజ్యోతి. ఏసమ్మ భర్త.

మేడ్చల్ డిపో దాటాక మార్కెట్ వైపు తిరిగే సందులో ఉంటుంది ఝాన్సీ దుకాణం. పేరు 'రెండో మడత'. ఒకటి రెండుసార్లు కట్టి పక్కన పడేసిన చీరలు జనం తెచ్చిస్తారు. అమ్ముడుపోతే నూటికి ముప్పై రూపాయలు దుకాణానికి, మిగతాది చీర గలవాళ్ళకు. మొదట్లో కొనేవాళ్ళు వచ్చారుగానీ ఇచ్చేవాళ్ళు రాలేదు. కట్టిన బట్ట అమ్ముకుంటున్నారంటే నలుగురిలో తలవంపులు. అప్పుడు ఝాన్సీ వెనక గోడకు తలుపు పెట్టించింది. వీడియోల్లో, స్టాళ్ళలో, గోడ మీద ఒకే మాట చెప్పింది: 'చీర ఇవ్వండి. మీ పేరు బయటికి రాదు.' దుకాణం నిలబడింది ఆ మాట మీదే. జీతం ఆగిన టీచర్లు వచ్చారు, తాగుబోతుల భార్యలు వచ్చారు, అప్పులతో ఇల్లు కట్టిన ఉద్యోగుల ఇల్లాళ్ళు వచ్చారు. అందరూ సందులోంచే. పధ్నాలుగు వేల అద్దె, శోభారాణి తొమ్మిదివేల జీతం ఆ వెనక తలుపు చప్పుడు మీదే గడుస్తున్నాయి.

ముందు ఆ చీర విప్పేయాలి. ఝాన్సీ లేచి బొమ్మ భుజం మీద పిన్ను తీసింది. చీర సగం కిందికి జారిందో లేదో, గాజు తలుపు భళ్ళున తెరుచుకుంది.

ముందు లోపలికి వచ్చింది పద్మజ. నాగారం కాలనీలో ఉంటుంది, భర్త బ్యాంకు ఉద్యోగి. "ఆ ఆకుపచ్చది ఎవరికీ ఇవ్వలేదు కదమ్మా? మా ఆడపడుచు గృహప్రవేశానికి అదే కట్టుకుందామని ఆటో కట్టించుకుని మరీ వచ్చాను."

ఆమె మాట పూర్తికాకుండానే వెనక నుంచి గిడియోన్ దూసుకొచ్చాడు. ఏసమ్మకు సొంత తమ్ముడు. ఏసమ్మా, ఝాన్సీ వెళ్ళే చర్చిలోనే సంఘపెద్ద. చేతిలో ఫోను, ఫోనులో పొద్దుటి వీడియో. అతని వెనక గడప అవతల, చెప్పులు విడిచే చోట, తల వంచుకుని పరంజ్యోతి నిలబడ్డాడు.

"సిస్టర్, గిదేంది? మా అక్క మీద కప్పిన చీర నీ బొమ్మ మీదికెట్లొచ్చింది?"

"అన్నా, జర కూసో. నిమ్మలంగ మాట్లాడుదం."

"ఏం కూసునుడు? ఉత్త తెల్లచీరల సాగనంపితే మా పుట్టింటోళ్ళ ఇజ్జత్ పోతదని, పైన పట్టుచీర కప్పాలని పట్టుబట్టింది నేను. నాకు తెల్వదా ఆ చీర? సమాధి తవ్విన్రా, ఏంది?"

పద్మజ చీర అంచు పట్టుకుని ఉంది. నిప్పు తగిలినట్టు వదిలేసింది. "శవం మీద చీరా? అయ్యయ్యో! ఝాన్సీ, పోయిన నెల నీ దగ్గర మూడు చీరలు తీసుకెళ్ళాను. అవెవరివి?"

"మంచిగ బతికున్నోళ్ళవే మేడమ్."

"ఎలా నమ్మమంటావ్? నువ్వు ఎవరి పేరూ చెప్పవుగా!" పద్మజ చేతులు కొంగుకు తుడుచుకుంటూ గోడ వారకు జరిగింది. మొన్నటిదాకా ఆమే తన కాలనీ ఆడవాళ్ళందరికీ ఈ దుకాణం పేరు చెప్పింది.

"చూసినవా? ఇగ నీ దుకాణంల ఎవ్వరన్న కాలు వెడ్తరా?" అన్నాడు గిడియోన్. "చీర తెచ్చినోని పేరు జెప్పు. జెప్తే వాన్ని నేను జూస్కుంట, నీ జోలికి రాను. జెప్పకుంటే సీదా ఠాణాకే. అన్ని చర్చిలల్ల జెప్త, రెండో మడతల సచ్చినోళ్ళ బట్టలమ్ముతరని."

శోభారాణి చూపు గడప దగ్గరి మనిషి ఎడమ చేతి మీద పడింది. ఆమె నోరు తెరుచుకుంది. ఝాన్సీ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

ఒక్క మాట. పేరు చెబితే గిడియోన్ అటు తిరుగుతాడు, పద్మజ శాంతిస్తుంది, దుకాణం దులుపుకుని మళ్ళీ నిలబడుతుంది. కానీ ఇంతమంది ముందు ఒక్క పేరు బయటపడితే రేపటి నుంచి వెనక తలుపు ఎవరు తడతారు? సంచి కొంగు కింద దాచుకుని సందులోకి వచ్చే ఆ ఆడవాళ్ళ ముఖాలు ఝాన్సీకి ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

"పేరు జెప్పనన్నా."

"ఏందీ?"

"జెప్పను. ఠాణాల అడిగితే ఆడ మాట్లాడుత. గీడ జెప్పను. చీర నీదంటే తీస్కపో. పేరు మాత్రం రాదు."

"దొంగలకు కావలి గాస్తున్నవన్న మాట!" గిడియోన్ గిర్రున వెనక్కి తిరిగాడు. "ఏం బావా, రాయిలెక్క నిలవడ్డవ్? నీ పెండ్లాం చీర గాదా? అడుగు!"

పరంజ్యోతి చెప్పులు విడిచాడు. గడప దాటి లోపలికి వచ్చాడు. బొమ్మ నడుం దగ్గర వేలాడుతున్న చీరను సగం వేలున్న చేత్తో పైకెత్తి భుజం మీదకు సర్దాడు.

"ఆమెనెందుకు బెదిరిస్తవ్ గిడియోనూ? తెచ్చింది నేను."

గిడియోన్ చేతిలోని ఫోను కిందికి దించాడు. పరంజ్యోతి అతని వైపు తిరిగాడు.

"సమాధి ఎవ్వరు తవ్వలె. ఆఖరి చూపు అయినంక మూత వెట్టిన్రు, మేకులు ఇంక కొట్టలె. నువ్వు ప్రార్థన మొదలువెట్టినవ్. నీ ప్రార్థన ఎంత పొడుగుంటదో అందరికెర్కే. అందరు కండ్లు మూసుకున్నరు. నేను మూసుకోలె. మూత జర లేపి చీర గుంజిన. మేకులు తెచ్చిన సంచిల వెట్టిన. నువ్వు ఆమెన్ అనేటాల్లకు నేను గూడ కండ్లు మూసుకొని నిలవడ్డ."

"పైసల కోసమా బావా? నన్నడిగితే ఇయ్యకపోదునా?"

"అడిగిన. దవఖానకని అడిగితే చేతుల లేవన్నవ్. పెట్టెకు, పూలకు అడగకముందే తెచ్చినవ్." పరంజ్యోతి గొంతు పెంచలేదు. "మా బిడ్డ అశ్రిత ఇప్పుడు వాళ్ళమ్మ జాగల్నే పనికి పోతాంది. గా పొడి షెడ్డుకే. ఇప్పుడు అది దగ్గుతాంది. వాళ్ళమ్మను తీస్కపోయిన గదే దగ్గు. స్కాన్ తీయాలన్నరు, నాలుగున్నర వేలు. అందుకు ఝాన్సమ్మ లేని దినం జూసి తెచ్చిచ్చిన. బొమ్మకు కట్టి అందరికి సూపిస్తరని నాకు తెల్వలె."

ఆయన ఝాన్సీ వైపు తిరిగాడు.

"దొంగతనమే బిడ్డా. ఠాణాకు పొమ్మంటే పోత. కని దీనికంటే పెద్ద తప్పు ఒకటి జేసిన. ఆర్నెల్ల కింద ఏసమ్మ గీ చీర మడత వెట్టి నా చేతికిచ్చింది. 'ఝాన్సీ కాడ ఇచ్చి రా, వచ్చిన పైసలతోని స్కాన్ తీయించుకుంట' అన్నది. నీ ఎనక తలుపు దాక వచ్చిన. పేరు బయటికి రాదని ఎర్కే. అయినా చెయ్యి లేవలె. పెండ్లాం చీరమ్ముకున్నడు అంటరని సిగ్గైంది. అట్లనే ఇంటికి తిరిగివోయిన. 'ఇచ్చినవా' అని అడిగింది. దుకాణం బందున్నదని జెప్పిన. నమ్మింది. చీర తీస్కోని పెట్టెల వెట్టుకున్నది. మళ్ళ ఎన్నడు అడగలె."

సగం వేలు చీర అంచు మీద కదలకుండా ఆగింది.

"బందున్నదని జెప్పిన బిడ్డా. లోపల లైటు ఎలుగుతనే ఉండె."