ఆవిర్లు

తొమ్మిదో అంతస్తు ప్యాంట్రీలో సీతాబాయి కడిగిన కప్పులు బోర్లిస్తోంది. సబ్బునీళ్లకు పగిలిన వేళ్లు, బొడ్లో దోపిన కొంగు, మోకాళ్లకు చుట్టిన గుడ్డపట్టీలు. పదకొండేళ్లుగా పొద్దున్నే మూసాపేట నుంచి అందరికంటే ముందొచ్చి ఈ అంతస్తులో దీపాలు వేసేది ఆమే. ఇక్కడ ఆమె పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందరికీ ఆంటీ.

తర్వాత వచ్చేది మేనేజరు రామ్మోహనరావు. భీమవరం మనిషి, యాభై ఆరేళ్లుంటాయి. గోరువెచ్చని నీళ్లు పట్టుకుని, అటు తిరిగి ఏదో మింగుతాడు. ఆ రోజు చేయి జారి మాత్రల డబ్బా గట్టు మీద దొర్లింది.

సీతాబాయి చేయి ఆగిపోయింది. రోజూ పరగడుపున తన భర్త వెంకటనారాయణకు నాలుగు మాత్రలు తీసిచ్చేది అలాంటి డబ్బాలోంచే.

"గంట దాక ఏం తినొద్దు సార్. దీంతోని ఇచ్చే చిన్న గోలి మాత్రం టిఫినుతోని ఏస్కోవాలె."

అతడి మొహం పాలిపోయింది. ఆఫీసులో ఎవరికీ తెలియని సంగతి. "మీకెలా తెలుసండీ?"

"మా ఇంటాయన మింగుతుండు. గీ ప్రోస్టేట్ క్యాన్సర్‌కే. మూడు నెలలకోపారి పొట్టకు సూది గూడ."

"ఎన్నాళ్లనుంచి?"

"అయిదేండ్లాయె."

"అయిదేళ్లా!" గట్టు పట్టుకున్నాడు. "లేచి తిరుగుతున్నారా?"

"తిరుగుడేంది సార్, రోజూ నాతోని కొట్లాడ్తడు."

రామ్మోహనరావు నవ్వాడు. అతడు నవ్వగా ఆమె చూడటం అదే మొదలు. సిగ్గుపడుతూ అడిగాడు. "ఉన్నట్టుండి ఒంట్లో సెగ, చెమటలు... ఆయనకీ అంతేనా?"

"ఆవిర్లు సార్. మా ఆడోళ్లకు ముట్లాగినంక వస్తయ్ చూడుండ్రి, గసొంటియే. సూదితోని వస్తయని డాక్టరమ్మ చెప్పింది. మెడ మీద తడిగుడ్డ ఏస్కుంటే తగ్గుతయ్. ఫికర్ చేయకుండ్రి."

మధ్యాహ్నం మూడింటికి నీళ్ల సీసాలు తీసుకుని మీటింగు గదిలోకి వెళ్లింది. అతడొక్కడే ఉన్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. పెదవులు బూడిదరంగుకు తిరిగాయి.

"ఆవిర్లా సార్?"

"అవే అనుకుంటానండి."

పరుగున తడిగుడ్డ తెచ్చి మెడ మీద వేసింది. అతడు కళ్లు మూసుకుని, "హాయిగా ఉందండి" అన్నాడు. ఆమె సీసాలు సర్దుతోంది. రెండు నిమిషాలకు వెనక దబ్బుమని చప్పుడైంది. అతడి తల బల్ల మీద పడి ఉంది. ఆమె కేకకు జనం పోగయ్యారు, అంబులెన్సు వచ్చింది.

అయిదింటికి సూపర్‌వైజరు ఉమాశ్రీ ప్యాంట్రీ గుమ్మంలో నిలబడింది. "గుండెపోటంట. దారిలోనే పోయిండు."

గుండె. ఆవిర్లు కాదు. ఆ రెండు నిమిషాలు తను సీసాలు సర్దింది. సీతాబాయి ఇంటికి ఫోను చేసింది.

"ఛాతిల నొస్తుందా?"

"ఏందే? ఏం లేదు," అన్నాడు వెంకటనారాయణ.

"చెమటలు?"

"రోజూ ఉండేటియే కద."

ఇన్నేళ్లూ ఆ మాట తనే అతనికి చెబుతూ వచ్చింది. "కూసో. కదలకు. నేనొస్తున్న," అంది.

ఆ రోజు శుక్రవారం. వారాంతపు సెలవులకు ముందు ఫ్రిజ్ ఖాళీ చేయకుండా వెళ్లేందుకు లేదు. ఒక్కో అర తుడుస్తూ వచ్చింది. అడుగు అరలో స్టీలు టిఫిను డబ్బా ఒకటి మిగిలింది. మూత మీది కాగితంపై రామ్మోహనరావు అని తెలుగులో రాసి ఉంది. రబ్బరు బ్యాండు ఇంకా తీయలేదు.