ఆగని చెయ్యి

బేబీ కొరికిన కొరుకుకి ఆ పిల్లాడి భుజంలో పళ్లు దిగబడి రక్తం వచ్చింది. రంగనాయకి పరుగున వెళ్లి దవడలు రెండూ పట్టుకుని విడదీయాల్సి వచ్చింది. వదిలాక కూడా బేబీ ఏడవలేదు, పారిపోలేదు. మూతి తుడుచుకుని, "వాడు మా తమ్మున్ని నూకిండు" అంది.

బేబీకి ఆరేళ్లు. తమ్ముడు బబ్లూకి మూడు. పురానాపూల్ దిగువన, మూసీ ఒడ్డు బస్తీలో, యువజన సంఘం వాళ్లు వినాయక చవితి సామాన్లు దాచుకునే గది ఒకటుంది. ఇళ్లల్లో పనికి పోయే తల్లుల పిల్లలను మధ్యాహ్నం పూట అక్కడ కూర్చోబెట్టి, నాలుగు పాటలూ నాలుగక్షరాలూ నేర్పి, ఉడికించిన గుడ్డు పెట్టి పంపే పనిని కమల అనే ఆవిడ మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులతో ఆమె మానుకున్నాక స్నేహితురాలు రంగనాయకి అందుకుంది. రంగనాయకిది ఛత్రినాక. భర్త రామానుజం అక్కడి గుడిలో అర్చకుడు. ఆమె ఆఫీసు ఉద్యోగం చేసి, రిటైరయ్యే గడువుకు ముందే మానేసింది. వాళ్లకు పిల్లలు లేరు. ఇంట్లో గుడ్డు పేరు కూడా ఎత్తరు. ఇక్కడ మాత్రం బస్తీలోని నాగమణమ్మ ఉడికించి తెచ్చిన గుడ్లను రంగనాయకే ఒలిచి, ఉప్పద్ది, చిన్నవాళ్ల నోట్లో పెట్టేది. యాభై దాటినా ఎవరిమీదా చెయ్యి చేసుకుని ఎరగని మనిషి.

ఆ రోజు బేబీ మూతి కడుగుతుంటే గౌను వెనక గుండీలు ఊడి వీపు కనబడింది. బెల్టు వాతలు. మానినవాటి మీద పచ్చివి.

"ఎవరు కొట్టిన్రే నిన్ను?"

"మా బాపు. మా అమ్మనయితే ఇంకా మస్తు కొడ్తడు."

పొద్దున ఏం తిన్నదో చెప్పినంత మామూలుగా చెప్పింది.

రంగనాయకి ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లింది. దుర్గయ్య సెంట్రింగ్ పని చేస్తాడు. వచ్చిన మనిషిని చూసి లేచి నిలబడ్డాడు. మంచం మీద తువాలు పరిచి కూర్చోమన్నాడు. ఆమె మెత్తగానే చెప్పింది, చిన్నపిల్ల, అట్లా కొడితే చచ్చిపోగలదు అని. దుర్గయ్య తల దించుకుని విన్నాడు.

"తప్పయింది అమ్మా. కోపంల చెయ్యి లేస్తది. ఇంగ ముట్ట."

మనిషి మంచివాడే, చెప్పేవాళ్లు లేకనే అనుకుంటూ రంగనాయకి ఇంటికి వచ్చింది. మనసు తేలికపడింది. రామానుజంతో కూడా అదే మాట అంది.

మర్నాడు పిల్లలను దింపడానికి వాళ్లమ్మ కళావతి వచ్చింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పై పెదవి చీలింది. ముందుపన్ను లేదు. పిల్లలను లోపలికి పంపి, గుమ్మం బయటే నిలబడి మాట్లాడింది.

"మీకు ఎవరు చెప్పమన్నరమ్మా? మీరు మంచిగ మాట్లాడి పోయిన్రు. మీరు పోంగనే తలుపు పెట్టిండు. పంతులమ్మకు ఎవరు చెప్పిన్రని అడిగిండు. పోరి పేరు చెప్తే అది బతుకదు. నేనే చెప్పిన అన్న."

"పోలీస్ స్టేషనుకు పోదాం కళావతీ. నేను వస్త."

"పట్కపోతరు. మల్ల ఇడుస్తరు. ఇడిసినంక ఇంట్ల నేనుంట, ఆయనుంటడు. మీరుంటరా?"

ఆ రోజు నుంచి రంగనాయకి ఎవరినీ ఏమీ అడగలేదు. బేబీ వీపుకు మందు రాసేది. బబ్లూ ఒళ్లోకి వస్తే ఎత్తుకునేది. ఇంటికి వెళ్లి స్నానం చేసి గుడి ప్రసాదానికి బియ్యం ఏరుతూ కూర్చుంటే, తలుపు పెట్టిండు అన్న మాట వినబడుతూనే ఉండేది.

ఆషాఢం వచ్చింది. బోనాల డప్పులు గల్లీ గల్లీలో మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం ముసురు పట్టి, పిల్లలంతా గదిలోనే పాట పాడుతున్నారు. కళావతి పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో పడింది. తల పగిలి, జాకెట్టు భుజం దాకా రక్తంతో తడిసి ఉంది. వెనకాల గల్లీ మలుపులో దుర్గయ్య. చేతిలో సెంట్రింగ్ కమ్మి.

రంగనాయకి ఆమెను రెక్క పట్టి లోపలికి లాగి, రేకు తలుపు మూసి గడియ వేసింది. పిల్లలందరినీ వెనక మూలకు, పందిరి గుడ్డల మూటల చాటుకు తోసింది. బేబీ మాత్రం కదలలేదు. తమ్ముణ్ని చంకనేసుకుని తల్లి పక్కనే నిలబడింది.

తలుపు మీద మొదటి దెబ్బకే రేకు లోపలికి సొట్టపోయింది.

"దుర్గయ్యా, లోపల పిల్లలున్నరు" అని అరిచింది రంగనాయకి.

"నా పెండ్లాన్ని బయటికి తోలు. నీ జోలికి రాను."

"నువ్వు ఇంటికి పో. నీకు దండం పెడ్త. తర్వాత మాట్లాడుకుందాం."

"ముందుగాల మాట్లాడిందే నువ్వు గద పంతులమ్మా. నా ఇంట్ల లొల్లి పెట్టిందే నువ్వు."

ఇంకో దెబ్బ. పిల్లలు గొంతులు చించుకుని ఏడుస్తున్నారు. ఎవరో మూలన ఉచ్చ పోసుకున్నారు. డప్పుల మోతలో ఈ ఏడుపులు పక్క ఇంటికి కూడా వినబడి ఉండవు. రంగనాయకి వీపు తలుపుకు ఆనించి కాళ్లు తన్నిపెట్టి నిలబడింది. కమ్మి దెబ్బ రేకుమీద నుంచి ఆమె వెన్నులోకి దిగుతోంది. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో గడియ మేకులతో సహా ఊడి వచ్చింది. ఆమె ముందుకు బోర్లా పడింది.

దుర్గయ్య ఆమెను దాటుకుని పోయి కళావతి జుట్టు అందుకున్నాడు. నేల మీద ఈడ్చి, కమ్మితో కాళ్ల మీద కొట్టాడు, పక్కటెముకల మీద కొట్టాడు. ఆమె అరవడం కూడా మానేసి ముడుచుకుపోయింది. బేబీ వెళ్లి తండ్రి తొడ కొరికింది. అతను కాలు విదిలిస్తే దూరంగా పడింది. బబ్లూ "అమ్మా" అంటూ తల్లి మీద పడబోయాడు. దుర్గయ్య ఆ మూడేళ్ల పిల్లాణ్ని ఒక్క చేత్తో చొక్కా పట్టి లేపి గోడకేసి విసిరాడు. మెత్తని చప్పుడు వచ్చింది. పిల్లాడు జారి కింద పడి, నోరు తెరిచి, ఊపిరి అందక అలాగే ఉండిపోయాడు.

రంగనాయకి రోజూ కూర్చునే పీట గోడవార ఉంది. టేకు పీట, బరువైనది. ఆమె దాన్ని రెండు చేతులా ఎత్తి దుర్గయ్య తల వెనక కొట్టింది. అతను మోకాళ్ల మీద కూలాడు. కమ్మి చేతిలోంచి జారి దొర్లిపోయింది. బోర్లా పడి, లేవబోతూ కుడిచెయ్యి నేలకు ఆనించాడు. ఆమె ఆ చెయ్యి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినబడింది. మళ్లీ కొట్టింది. భుజం మీద, వీపు మీద, మళ్లీ ఆ చెయ్యి మీదే. అతను "అమ్మా, వద్దమ్మా" అంటున్నాడు. ఆ మాట వింటూనే కొట్టింది. ఆమె చీర కుచ్చెళ్ల నిండా రక్తం. ఆమె నోట్లోంచి ఏవో మాటలు వస్తున్నాయి, అవి ఏమిటో ఆమెకు తర్వాత గుర్తులేదు. గుర్తున్నదల్లా చేతుల్లో ఒక సుఖం. కొట్టిన ప్రతిసారీ, ఇన్నాళ్లుగా గొంతులో అడ్డంపడ్డది కొంచెం కిందికి దిగుతున్నట్టు ఉండింది.

నాగమణమ్మ గుడ్ల గిన్నె గుమ్మంలోనే పడేసి, వెనక నుంచి వచ్చి ఆమె నడుం వాటేసుకుంది.

"సాలమ్మా. సాలు. సస్తడు."

పీట కింద పడింది. పిల్లల ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. మూటల మీదుగా అందరూ ఆమెనే చూస్తున్నారు. నేల మీద నుంచి బేబీ నెమ్మదిగా అంది.

"ఇంకొక్కటి కొట్టు టీచర్."

బబ్లూకి కాలర్ ఎముక విరిగింది. కళావతికి తలమీద కుట్లు పడ్డాయి, రెండు పక్కటెముకలు విరిగాయి. దుర్గయ్యకు తలకు కుట్లు పడ్డాయి, చెయ్యి మణికట్టు దగ్గర నుజ్జయింది. ఆపరేషన్ చేసినా పట్టు రాదన్నారు డాక్టర్లు. ఆసుపత్రి మంచం మీద నుంచే అతన్ని అరెస్టు చేశారు, ఎందుకంటే ఈసారి కళావతి ఫిర్యాదు ఇచ్చింది. "పోరన్ని గోడకు కొట్టినంక ఇంగేముందమ్మా" అంది. స్టేషన్లో ఎస్సై రంగనాయకికి కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. "మీ మీద ఏం రాదు మేడమ్. పిల్లల్ని కాపాడిన్రు. ఫికర్ చెయ్యకున్రి." బస్తీ ఆడవాళ్లు ఇంటిదాకా వచ్చి బొట్టు పెట్టి వెళ్లారు. ఆగమ్మ అనే ముసలామె ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "మా గల్లీల ఇసువంటి చెయ్యి ఒక్కటి లేకపాయె బిడ్డా."

అందరూ మెచ్చుకుంటున్న కొద్దీ రంగనాయకికి అన్నం సహించలేదు. ఒక ఉదయం రామానుజం తిరునామం దిద్దుకుంటుండగా పక్కన వచ్చి కూర్చుంది.

"ఒక్క దెబ్బకే పడ్డడు. పడ్డట్టు నాకు తెలిసింది."

అతను అద్దం పక్కన పెట్టాడు. "తెలిసి కూడా కొట్టినవా?"

"తెలిసే కొట్టిన. వద్దమ్మా అన్నడు. అది కూడా విన్న."

"ఇంకెవరన్న వచ్చి చెప్తే, మంచిపని చేసింది అంటుంటి. నువ్వు చెప్తుంటే అనబుద్ధి అయితలేదు" అన్నాడు. కాసేపటికి, "మళ్ల పోతవా అక్కడికి?" అని అడిగాడు.

"పిల్లలుంటరు కదా" అంది.

బోనాలు అయిపోయాక వెళ్లింది. సంఘం వాళ్లు కొత్త తలుపు పెట్టించారు. నేల కడిగారు గానీ గచ్చు పగుళ్లలో నలుపు మిగిలింది. పిల్లలు ఎప్పుడూ లేనంత బుద్ధిగా కూర్చున్నారు. తోపులాట లేదు, అల్లరి లేదు. రంగనాయకికి మొదట సంతోషం వేసింది. బోర్డు మీద రాయడానికి సుద్దముక్క పట్టుకుని చెయ్యి పైకెత్తింది. ముందు వరసలో కూర్చున్న నాలుగేళ్ల పిల్లాడు చటుక్కున రెండు చేతులూ తలమీద పెట్టుకుని వంగిపోయాడు.

ఆమె చెయ్యి దించింది. బోర్డు దగ్గర నుంచి వచ్చి వాళ్ల మధ్య నేలమీద కూర్చుంది.

"నేను మిమ్మల్ని కొట్ట. ఎన్నడు కొట్ట" అంది.

"మా బాపును కొట్టినవ్ గద" అంది బేబీ. తప్పుపట్టడం కాదు, గుర్తుచేయడం.

"కొట్టిన. నేను అన్ని దెబ్బలు కొట్టకుండ ఉండాల్సింది."

"కొట్టకపోతే మా అమ్మ సస్తుండె."

"అవును."

"మరి ఎన్ని కొట్టాలె?"

పిల్లలందరూ జవాబు కోసం చూస్తున్నారు. లెక్క నేర్పమన్నట్టే అడిగింది ఆ పిల్ల. రంగనాయకి ఏదో ఒక మంచిమాట చెప్పి దాటేయాలనుకుంది. కుదరలేదు.

"ఎదుటోడు ఆగేదాక. మీ బాపు ఆగిండు. నేను ఆగలే."

"ఆయన కూడ ఎన్నడు ఆగకపోతుండె" అంది బేబీ. తమ్ముడి మెడకు కట్టిన పట్టీ సర్దుతూ కూర్చుంది.

చలికాలం మొదట్లో దుర్గయ్యకు బెయిలు వచ్చింది. బస్తీకి రావద్దని కోర్టు చెప్పింది. ఉండడం జహనుమాలో తన తమ్ముడింట్లో. అయినా ఒక మధ్యాహ్నం గది బయట, గల్లీకి అవతలి వైపు వచ్చి నిలబడ్డాడు. బక్కచిక్కాడు. కుడిచెయ్యి మణికట్టు కింద గుడ్డసంచిలా వేలాడుతోంది. రంగనాయకి గుమ్మంలోకి వచ్చి, తలుపు వెనకాల ఓరగా వేసి నిలబడింది. అతని చెయ్యి వైపు చూడకుండా ఉండలేకపోయింది.

"నువ్వు ఇక్కడికి రావద్దు కదా దుర్గయ్యా."

"తెలుసమ్మా. పోరగాండ్లను ఒక్కపారి చూసి పోత. దగ్గరికి రాను."

నాగమణమ్మ లోపలి నుంచి పోలీసులకు ఫోను కలపనా అని సైగ చేసింది. రంగనాయకి ఆగమని చెయ్యి చూపింది. తలుపు కొద్దిగా తెరిచి బేబీని పిలిచింది. ముందుకు నెట్టలేదు, వెనక దాచలేదు. పక్కన నిలబెట్టుకుని చెప్పింది.

"మీ బాపు వచ్చిండు. నిన్ను, తమ్మున్ని చూస్తడంట. నీకు ఇష్టమైతేనే. వద్దంటే వద్దు."

బేబీ గల్లీ అవతలికి చూసింది. ఆ వేలాడే చెయ్యిని చాలాసేపు చూసింది. ముఖంలో భయమూ లేదు, జాలీ లేదు. తర్వాత రంగనాయకి వైపు తిరిగింది.

"తమ్మున్ని చూపియ్యకు. ఏడుస్తడు. నన్ను చూసిండు గద, పొమ్మను."

రంగనాయకి ఆ మాటలే, ఒక్క ముక్క మార్చకుండా, దుర్గయ్యకు చెప్పింది. అతను తల ఊపాడు. ఎడమచేత్తో తువాలు భుజం మీదికి లాక్కుని, వంతెన వైపు నడిచి వెళ్లిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, రంగనాయకి లోపలికి వచ్చింది. గుడ్లు చల్లారుతున్నాయి. బేబీ అప్పటికే వరసలో కూర్చుని, పక్కపిల్లను జరగమని మోచేత్తో పొడుస్తోంది.

"బేబీ" అంది రంగనాయకి.

బేబీ మోచెయ్యి వెనక్కి తీసుకుంది.