కొస దొరికితే బుట్ట ఊరికే

మూడో బుట్ట కూడా అందరి చేతులూ తిరిగి వెనక్కి వచ్చింది. హాల్లో గుండ్రంగా కూర్చున్న పదకొండు మంది ఆడవాళ్ళలో ఒక్కరికీ తాడు కొస దొరకలేదు.

"బాగా వెతకండమ్మా, సిగ్గుపడకండి. కొస దొరికితే బుట్ట ఊరికే," అంది అక్క, సోఫా పక్కన నిలబడి. "తొమ్మిదేళ్ళ నుంచి ఇదే పందెం. ఇంతవరకు ఒక్క బుట్ట పోతే ఒట్టు."

"ఏంటి పిన్నిగారూ, వీటిని అల్లారా, కన్నారా?" అంది ఆసుపత్రి నుంచి డ్యూటీ బట్టలతోనే వచ్చేసిన నర్సు. అందరూ నవ్వారు.

చంటి మాత్రం నవ్వలేదు. గోడ వారగా పీట మీద ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని, అక్క చేతిసంచి వైపే చూస్తోంది. ఆర్డర్ల నోటుపుస్తకం అందులోనే ఉంది.

చంటి అంటే చిన్నపిల్లేమీ కాదు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. అక్క చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు జుట్టు నెరిసినా ఊడలేదు. నూలుతాడును చుట్టలు చుట్టలుగా తిప్పి, చుట్టకీ చుట్టకీ కుట్టు వేసి బుట్టలు చేసేది చంటి. అమ్మేది అక్క. ఎవరో ఒకావిడ తనింటికి ఇరుగుపొరుగును పిలిచి టీ ఇస్తుంది, అందుకు ఆమెకో బుట్ట కానుక. ఆ వచ్చినవాళ్ళలో ఇంకొకరు తర్వాతి వారం తమ ఇంటికి పిలవాలి. పిలిచే మనిషి కుదిరేదాకా అక్క గడప దాటదు. "మా చెల్లెలికి నోట్లో నాలుక లేదు, ప్రాణమంతా వేళ్ళలోనే," అని ప్రతి ఇంట్లోనూ చెబుతుంది.

బావ పోయినప్పుడు అక్కకు పది రోజులు తోడుండి పోదామని ఒక్క సంచితో వచ్చింది చంటి. ఆ పది రోజులు తొమ్మిదేళ్ళయ్యాయి. అక్కకు ఖాళీ ఇంటి తాళం తీయాలంటే భయం. చంటి మందుల షాపుకి వెళ్ళిన సమయంలో తనూ బయటికి వెళ్ళి ముందుగా వస్తే, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని మెట్ల మీదే కూర్చుంటుంది, వాన పడుతున్నా సరే. అలాంటి మనిషిని వదిలి ఎలా వెళ్ళడం? వెళ్ళకుండా ఎలా బతకడం? ఈ రెండు ప్రశ్నలూ తిరగలి రాళ్ళలా చంటిని నలిపేస్తున్నాయి.

నెల కిందట దూరపు ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. చూపులేని ఆడపిల్లల హాస్టల్లో అల్లిక నేర్పే పని, ఉండడానికి చిన్న గది. గదికి లోపల గడియ ఉందని కూడా రాశారు, చంటి అది ప్రత్యేకంగా అడిగింది కాబట్టి. అంతకుముందు వాళ్ళు రెండుసార్లు పిలిస్తే, "ఒప్పుకున్న బుట్టలు అయిపోగానే వస్తాను" అని రాసింది. అవి అయ్యేలోపు అక్క కొత్తవి ఒప్పుకునేది. ఈ శనివారంలోగా ఏ సంగతీ చెప్పకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు. ఆ ఉత్తరాన్ని దారపు రీళ్ళ డబ్బా అడుగున దాచింది. అక్కతో అనలేక, అనకుండా ఉండలేక, నిన్న మాత్రం నీళ్ళు నములుతూ "రేపు కొత్త ఆర్డర్లు వద్దక్కా, కొన్నాళ్ళు ఆగుదాం," అంది. "అలాగేలే," అంది అక్క, వంటింట్లోంచి.

ఇప్పుడు అదే అక్క సంచిలోంచి నోటుపుస్తకం తీసింది.

"టీచరమ్మగారూ, మీకెన్ని రాయమంటారు?"

టీచరమ్మ రిటైరై చాలా ఏళ్ళయింది. "మా పాత విద్యార్థులంతా కలుస్తున్నారండీ. తలా ఒకటి ఇద్దామని. నలభై అవుతాయా? ఇంకా ఆరు నెలలుందిలెండి."

"అవకేం? మా చంటికి అది వెన్నతో పెట్టిన విద్య," అంటూ అక్క పెన్ను మూత తీసింది.

ఆరు నెలలు. తర్వాత ఏమాలోచించిందో చంటికే తెలియదు. పీట మీంచి లేచి, తన అల్లిక సంచిలోంచి దబ్బనం తీసి, టీచరమ్మ ఒళ్ళోని బుట్టను అందుకుంది.

"కొస నేను చూపిస్తాను."

అక్క పెన్ను ఆగిపోయింది. "చంటీ..."

చంటి అక్క వైపు చూడలేదు. చూస్తే ఆ పని తన వల్ల కాదు. "మీరంతా అంచు దగ్గర వెతికారు. అక్కడ ఉండదు. కొసను దబ్బనానికి ఎక్కించి, చుట్టల లోపల్నుంచే కిందికి దించేస్తాను. ఇదిగో, అడుగున. మొదటి చుట్ట కింద." గోటితో లాగింది. వేలెడు తాడు కొస బయటికి వచ్చింది.

"అయ్యో, ఇంతేనా," అన్నారు ఎవరో.

ఆ మాట కోసమే చంటి కాచుకుని ఉంది. ఇక ఇందులో వింత లేదు, వింత లేకపోతే ఆర్డర్లూ లేవు. ప్రాణం లేచొచ్చింది. కానీ ఎంతసేపని? నర్సు అప్పటికే చంటి చేతిలోని దబ్బనం లాక్కుంది. "ఆగండి పిన్నిగారూ, కుట్లు వేసే చెయ్యి నాది, నన్ను చూడనివ్వండి." రెండుసార్లు తప్పి, మూడోసారి కొసను మాయం చేసి, చిన్నపిల్లలా బుట్టను పైకెత్తి చూపించింది. చుట్టూ మూగారు. నాకంటే నాకని దబ్బనం చేతులు మారింది.

"ఇలాగైతే నలభై నేనే చేసుకుంటానమ్మా," అంది టీచరమ్మ. "నా చేత్తో చేసిందంటే నా పిల్లలు కళ్ళకద్దుకుంటారు. మొదట్నుంచీ నేర్పుతావా?"

"నేర్పకేం," అంది అక్క. ఆమె ముఖంలోకి అప్పుడే నెత్తురు తిరిగి వచ్చింది. "ప్రతి గురువారం మధ్యాహ్నం మా ఇంట్లో. ఈ గురువారమే మొదలు."

"ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగింది టీచరమ్మ.

"అందరికీ వచ్చేదాకా." అక్క నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పి పేర్లు రాసుకుంది. పదకొండూ.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. బుట్టల మూట అక్క ఒళ్ళో ఉంది. బస్సు మూడు స్టాపులు దాటింది.

"ఆ హాస్టల్లో నేర్పేదేదో మనింట్లోనే నేర్పుకోవచ్చు కదే," అంది అక్క, కిటికీలోంచి చూస్తూ.

చంటి చటుక్కున అక్క వైపు తిరిగింది. "డబ్బా ఎందుకు తీశావు?"

"తెల్లదారం కోసం. నెలవుతోంది. చదివి మళ్ళీ అదే మడతలో పెట్టాను."

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"అంటే వెళ్తానంటావని." మూట ముడిని అక్క విప్పి మళ్ళీ కట్టింది. "నా పెళ్ళయి వెళ్ళేటప్పుడు జీపు వెనకాల వీధి చివరిదాకా పరిగెత్తావు. నేను చూస్తూనే ఉన్నాను. జీపు ఆపమని అనలేదు. అనాల్సింది."

"అప్పుడు నాకు తొమ్మిదేళ్ళక్కా."

"నాకిప్పుడు తొమ్మిదేళ్ళే అనుకో," అంది అక్క.

దిగేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. మెట్ల దగ్గర అక్క అలవాటుగా తాళంచెవి అందించి, రెండడుగులు వెనక నిలబడింది. శనివారానికి ఇంకా నాలుగు రోజులుంది. కానీ దానికంటే ముందు గురువారం వస్తుంది. పదకొండు మందికి పదకొండు మొదటి చుట్టలు చుట్టి సిద్ధంగా పెట్టాలి. చంటి చేతులు అప్పుడే తాడు లెక్క వేసుకుంటున్నాయి, ఎవరూ అడక్కపోయినా.

తాళం తీసి లోపలికి వెళ్ళింది.

"ముందు లైటు వెయ్యవే," అంది అక్క బయట్నుంచి.

చంటి చీకట్లో ఒక్క క్షణం అలాగే నిలబడింది. బయట మెట్ల మీద అక్క ఊపిరి వినిపిస్తోంది. చేత్తో గోడ తడుముకుని స్విచ్చి వేసింది.

"రా అక్కా."