పచ్చిదే పెట్టాలె

"కార్జం ఎక్కువైనట్టున్నది. జర తగ్గించు," అన్నాడు పరమేశ్, నా భుజం మీది నుంచి గిన్నెలోకి తొంగి చూసి.

నేను సింకు దగ్గర నిలబడి కోడి కందనకాయల మీది పసుపుపచ్చ పొర ఒలుస్తున్నాను. చన్నీళ్ళకు వేళ్ళు మొద్దుబారాయి. మాంసం కోసమే విడిగా పెట్టిన చెక్క, విడిగా పెట్టిన కత్తి, వాటి పక్కన చిన్న త్రాసు. కాళ్ళ దగ్గర టైగర్ తోక ఊపుతూ నిలబడింది. పేరుకే టైగర్. చంకలో పెట్టుకుంటే చున్నీ చాటున దాగిపోయేంత తెల్లటి పొమేరియన్ పిల్ల. ఆయన అప్పటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాండూరు రైలుకు తయారుగా ఉన్నాడు. చెయ్యి తడవకుండా త్రాసు మీది అంకె చూసి, ఇంకో లివర్ ముక్క తీసెయ్యమని కళ్ళతోనే చెప్పి వెళ్ళిపోయాడు.

తాండూరులో ఒక నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో ఆయన సూపర్‌వైజర్. మా ఇల్లు వికారాబాద్‌లో. నేను ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తాను. ఇంట్లో మా ఇద్దరితో పాటు మా అత్తమ్మ సంతోషమ్మ ఉంటుంది. పిల్లలు లేరు. ఆ లేకపోవడం గురించి చుట్టాలందరికీ ఏదో ఒక అభిప్రాయం ఉంది.

పోయినసారి డీఎస్సీలో నాకు ఉద్యోగం కొద్దిలో తప్పిపోయింది. మళ్ళీ నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినపడగానే ఈసారి ముందు నుంచే చదవాలనుకున్నాను. తెల్లవారుజామున, ఇల్లు లేవకముందు, వంటింటి గట్టు మీదే పుస్తకాలు పెట్టుకుని చదివేదాన్ని. ఆ కాసేపే నాది. మిగతా రోజంతా ఎవరో ఒకరిది. అట్లా మొదలుపెట్టిన కొద్ది రోజులకే పరమేశ్ తాండూరు నుంచి అట్టపెట్టెలో టైగర్‌ను తెచ్చాడు. "నీకు తోడుంటదని తెచ్చిన," అన్నాడు. నాకు సంతోషమే అయింది. అది నా చేతి వేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతుంటే, ఈ మనిషికి నా ఒంటరితనం కనిపించిందా అని ఆశ్చర్యపోయాను కూడా.

మొదట్లో టైగర్‌కు అన్నంలో ఉడికిన కోడి కలిపి పెట్టేదాన్ని. మా వంటతో పాటే ఒక మూల ఉడికేది, పనిగా అనిపించేది కాదు. ఒక రోజు పరమేశ్ దానికి సూది వేయించుకుని వచ్చి, "రేపటి సంది వండుడు బంద్. పచ్చిదే పెట్టాలె," అన్నాడు. "ఉడికిస్తే బలమంత పోతదంట. డాక్టరే చెప్పింది."

"ఏ డాక్టర్?"

"మన కాడ కొత్తగ క్లినిక్ పెట్టిన మేడమ్. నీకన్న ఎక్కువ సదివింది."

నా అనుమానం నోటి దాకా వచ్చి ఆగింది. పచ్చి మాంసంలో ఏమేం ఉంటాయో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే. మా నాయన బీరప్ప బషీరాబాద్ దగ్గర ఇప్పటికీ గొర్లు కాస్తాడు. మంద కాచే కుక్కలకు మజ్జిగలో నానబెట్టిన జొన్నరొట్టె పెట్టేవాడు. అదే మాట అంటే పరమేశ్ నవ్వాడు. "గొర్ల కాడి కుక్కల లెక్కలు గిక్కడ చెప్పకు. ఇది జాతి కుక్క." ఆయన తాత కూడా గొర్లే కాశాడని నేను గుర్తు చేయలేదు. డాక్టర్ చెప్పాక నేనెంత అని ఊరుకున్నాను.

అట్లా నా తెల్లవారుజాము పోయింది. ఇబ్రహీం కోళ్ళ దుకాణం షట్టర్ లేచే వేళకు వెళ్ళి మగవాళ్ళ మధ్య నిలబడాలి. తెచ్చి, కడిగి, పొరలు ఒలిచి, మెత్తటి ఎముకలు విడిగా, మాంసం విడిగా, కార్జం విడిగా తూచాలి. అది తిన్నాక గిన్నె మరిగే నీళ్ళతో కడగాలి, నేల ఫినాయిల్‌తో తుడవాలి, చెక్క ఎండలో పెట్టాలి. అత్తమ్మ పూజ ఉంది కాబట్టి పొయ్యి ముట్టుకునే ముందు మళ్ళీ స్నానం చేయాలి. ఆ తర్వాత టిఫిన్లు, డబ్బాలు, బడి. పుస్తకాలు గట్టు మీది నుంచి ఫ్రిజ్ మీదికి చేరాయి. ఎవరూ వాటిని లాక్కోలేదు. ఎవరూ నన్ను చదవొద్దనలేదు. "సదువు, నేనొద్దన్ననా?" అనేవాడు పరమేశ్ అప్పుడప్పుడు, చేతులు రెండూ చాపి. ఆదివారాలైనా ఆయన మాంసం ముట్టుకోడు, వాసన పడదంటాడు. స్నేహితులు ఇంటికి వస్తే మాత్రం, "నేను దీనికి పచ్చి డైటే పెడ్త," అని చెప్పేవాడు. ఆ 'నేను' అన్న మాట విన్న ప్రతిసారీ నా చేతులకేసి చూసుకునేదాన్ని. ఎంత సబ్బు రుద్దినా పోని నీచు వాసన ఆ 'నేను'లో ఎక్కడా లేదు. నాకు రక్తం తక్కువగా ఉంది, కార్జం తినమని ఒకప్పుడు ఆసుపత్రిలో చెప్తే, "ఆకుకూరలు తిను, గంతే," అన్న ఇంట్లో, రోజూ కార్జం తూచి కుక్కకు పెడుతున్నాను. కుక్క మీద నాకు కోపం లేదు. అది అడగలేదు.

టైగర్‌కు విరేచనాలు పట్టుకున్నాయి. "అలవాటయ్యేదాక గట్లనే ఉంటది," అన్నాడు పరమేశ్. అత్తమ్మ ముక్కు మూసుకుని, "ఇల్లా, కోళ్ళ దుకాణమా?" అని గొణిగేది. ఒక రోజు ఆయన వెళ్ళిపోయాక నేను ఉడికించి పెట్టాను. ఆ పూట కుక్క కడుపు కుదుటపడింది. సాయంత్రం ఆయన వంటింట్లోకి వచ్చి, కడిగిన కుక్కర్‌ను ఎత్తి వాసన చూశాడు. దొంగను పట్టుకున్న మనిషి ముఖం పెట్టాడు. "నా మీది కోపం కుక్క మీద తీస్తున్నవా?" అన్నాడు. మరునాటి నుంచి రైలులో కూర్చుని గిన్నె ఫోటో అడగడం మొదలుపెట్టాడు. నేను పచ్చి మాంసం ఉన్న గిన్నెను ఫోటో తీసి పంపేదాన్ని. ఆయన బొటనవేలు బొమ్మ ఒకటి పంపేవాడు.

ఫోటోలు మొదలయ్యాక నాలో ఏదో తిరగబడింది. ఒక కుక్క తిండి కోసం ఇంత కాపలా ఎందుకు? నా పుట్టినరోజు మర్చిపోయే మనిషి కార్జం తూకం ఎందుకు మర్చిపోడు? నాకు జ్వరం వచ్చిన రోజు కూడా ఫోటో అడిగాడే, అది కుక్క మీద ప్రేమేనా? అట్లా అనుకోగానే సిగ్గేసేది. తోడు కోసం కుక్కను తెచ్చిన మనిషిని అనుమానిస్తున్నానా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. కానీ పప్పు గిలకొడుతున్నా, బోర్డు మీద బొమ్మ గీస్తున్నా ఆ అనుమానం నా వెంటే వచ్చేది.

ఒక పొద్దున ఆయన వెళ్ళాక టైగర్ గిన్నె దగ్గరికి రాలేదు. తలుపు మూల ముడుచుకుని పడుకుంది. దాని కింద నేల మీద నెత్తురు జీర కనిపించింది. బడికి ఫోన్ చేసి ప్రిన్సిపల్‌ను సెలవు అడిగాను. "పిల్లలున్నోళ్ళు లీవడిగితే సరే మేడమ్. కుక్కక్కూడనా?" అన్నాడు. జీతం కోసుకోండి సార్ అని చెప్పి, టైగర్‌ను తువ్వాలలో చుట్టుకుని ఆటో ఎక్కాను.

పరమేశ్ చెప్పిన ఆ కొత్త క్లినిక్ డాక్టర్ పేరు ముబష్షిరా. నా కంటే చిన్నది. టైగర్ కడుపు మెల్లగా నొక్కి చూసి, సూది వేసి, ఏం పెడుతున్నారని అడిగింది. చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"పచ్చిదా? ఎముకలు గూడనా?"

"మీరే చెప్పారట కదా."

"నేనా?" ఆమె నన్ను తేరిపార చూసింది. "నేనట్ల చెప్పను మేడమ్. పచ్చిది పెట్టేటోళ్ళున్నరు, కాదనను. కని గింత చిన్న కుక్కపిల్లకు వద్దని సర్‌కు సాఫ్ చెప్పిన. ఇంట్ల ఎవరెవరున్నరని గూడ అడిగిన. షుగర్ ఉన్న పెద్దమ్మ ఉన్నదన్నరు. కుక్క ఆమె చేతులు నాకుతది, పచ్చి మాంసం క్రిములు ఆమెకు గూడ మంచివి కావు, ఉడికించి పెట్టుండ్రి, వండేటోళ్ళకు గూడ సులువైతది అన్న."

"ఆయన ఏమన్నాడు?"

ఆమె నా వైపు చూడకుండా చేతులు తుడుచుకుంది. "నవ్విండ్రు. 'మా ఇంట్ల ఆమెకు టైమ్ మస్తున్నది మేడమ్' అన్నరు."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో టైగర్ నా ఒడిలో నిద్రపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళూ నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అనుమానించడం నా బుద్ధి తక్కువ అనుకున్నాను. ఆయన చెప్పిన ఆ డాక్టర్‌నైనా ఒక్కసారి వెళ్ళి అడగలేదు. ఎందుకు అడగలేదంటే, అడిగేంత టైమ్ కూడా నాకు మిగలలేదు. టైమ్ మస్తున్నదట. ఆ టైమ్ ఎప్పుడు ఉంటుందో, ఎక్కడ ఉంటుందో ఆయనకు నా కంటే బాగా తెలుసు. తెలిసే కదా, సరిగ్గా దాని మీదే తీసుకొచ్చి మాంసం గిన్నె పెట్టాడు.

ఇంటికి రాగానే చిన్న గిన్నెలో అన్నం, కోడి ముక్కలు పొయ్యి మీద పెట్టాను. వాసనకు అత్తమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"వండుతున్నవా?"

"అవును అత్తమ్మా. డాక్టర్ అసలు పచ్చిది పెట్టమననే లేదట. వద్దన్నదట."

ఆమె ముఖంలో ఆశ్చర్యమే కనిపించలేదు. గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఈమెకు ముందే తెలుసా? తల్లీకొడుకులు కలిసే అనుకున్నారా? ఆ మధ్యాహ్నమంతా ఆమె మంచం కిర్రుమన్న ప్రతిసారీ నేను అటు చూశాను.

చీకటి పడే వేళకు పరమేశ్ వచ్చాడు. ఫోటో రాలేదన్న కోపం చెప్పులు విడిచే తీరులోనే ఉంది. హాల్లో, అత్తమ్మ టీవీ చూస్తుండగానే అడిగాడు.

"ఇయ్యాల ఫోటో ఎందుకు పంపలే?"

"టైగర్‌ను డాక్టర్ ముబష్షిరా దగ్గరికి తీసుకుపోయిన."

ఆయన చెయ్యి చొక్కా గుండీ మీద ఆగింది. "ఏమన్నది?"

"నీకేం చెప్పిందో నాకూ గదే చెప్పింది."

అబద్ధం పట్టుబడితే మనిషి అరుస్తాడనుకున్నాను. ఆయన గొంతు తగ్గించాడు, బుజ్జగించాడు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. "చూడు సింధూ. పోయినసారి ఉద్యోగం రాలేదని ఎంత ఏడ్చినవో నాకెర్క. మళ్ళ గా పరేషాన్ ఎందుకని. కుక్క పనుల పడితే మనసు నిమ్మళమైతదనుకున్న. నీ మంచికే చేసిన."

ఒక్క క్షణం నమ్మబోయాను. నిజంగానే ఏడ్చాను కదా, ఆయన చూశాడు కదా. ఆ తర్వాత ఆయనే ఆపుకోలేక ఇంకో మాట అన్నాడు. "ఉద్యోగం వచ్చిందే అనుకో, యాడ ఏస్తరో ఏమో. అమ్మను ఎవరు చూస్తరు? నాకు డబ్బా ఎవరు కడ్తరు?"

అత్తమ్మ రిమోట్ తీసి టీవీ ఆపేసింది.

"పరమేశా, నేను పెండ్లై వచ్చిన కొత్తల అంగన్‌వాడీల ఆయా పని ఇస్తమన్నరు," అంది. "మీ నాయన వద్దనలే. వారం తిరగక ముందే బర్రెను తోలుకొచ్చిండు. 'నీకే, పాలుంటయ్' అన్నడు. పొద్దుగాల లేస్తే పెండ తీసుడు, పాలు పిండుడు, గడ్డి ఏసుడు. నేను పోయేసరికి ఆ పని ఇంకొకామెకు ఇచ్చిండ్రు. ఆయన మంచోడే అనుకుంట ఇన్నేండ్లు బతికిన." ఆమె గొంతు పెరగలేదు. "మీ నాయన నాకు బర్రెను తెచ్చిండు. నువ్వు కుక్కను తెచ్చినవ్."

"అమ్మా, నువ్వు మధ్యల రాకు," అన్నాడు పరమేశ్, కానీ ఆమె వైపు చూడలేకపోయాడు.

"టైగర్ ఉడికిందే తింటది," అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా, తాపీగా వినిపించింది. "రేపటి సంది నువ్వే వండి పెట్టు. తెచ్చినోనివి నువ్వే గద."

"నాకు ట్రైన్ టైమైతది."

"ముందు లేవు."

పొద్దున్నే ఆయన లేస్తాడన్న నమ్మకం నాకు లేదు. అత్తమ్మ మీద కూడా పూర్తి నమ్మకం కుదరలేదు. ఒక సాయంత్రం కోడలి పక్షాన మాట్లాడిన మనిషి తెల్లారేసరికి కొడుకు పక్షం చేరడం చాలా ఇళ్ళలో చూశాను.

తెల్లవారుజామున ఫ్రిజ్ మీది పుస్తకాలు దించి దుమ్ము దులుపుతుంటే, అత్తమ్మ తన గది గుమ్మంలో నిలబడి చేత్తో పిలిచింది. లోపల మంచం గోడకు జరిపి ఉంది. కిటికీ కింద చాప, దాని మీద ఆమె దిండు. నన్ను కూర్చోమని, తలుపు మూసి, గడియ తానే పెట్టింది. తర్వాత మంచం మీద కూర్చుని, ఏమీ జరగనట్టు జపమాల తిప్పుకోసాగింది.

చాలాసేపటికి వంటింట్లో అడుగుల చప్పుడు వినిపించింది. గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. టైగర్ ఒకసారి మొరిగింది. ఆ తర్వాత తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడు.

"సింధూ, బియ్యం ఎన్ని పొయ్యాలె?"

అలవాటుగా నా మోకాళ్ళు లేవబోయాయి. అత్తమ్మ జపమాల ఆపకుండానే నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపింది. నేను మళ్ళీ కూర్చుని పేజీ తిప్పాను.