నోట పిల్లలున్న చేప

బురద వాసన. ఎండిన సరస్సు వాసన... ఒంటికి పట్టుకుని వదలని వాసన.

నీళ్ళు వెళ్ళిపోయాయి. ప్రతి ఏడూ వెళ్ళిపోతాయి. పడవలు నడిచిన చోట మనుషులు నడుస్తారు. కపువాస్ నదిలో కలిసే నడిమి పాయ ఒక్కటే మిగులుతుంది. తెప్ప ఇళ్ళన్నీ అందులోకే జరిగి, ఒకదాని అరుగు ఒకదానికి తగిలేలా నిలబడతాయి. ఎవరింట్లో ఏం వేగుతోందో అందరికీ తెలుస్తుంది.

చిత్తడి అడవి అంచున ఒక మడుగు మిగిలింది. చాపంత మడుగు. చుట్టూ కొంగలు కాపు కాశాయి.

ఆ మడుగులో రపియాకు ఎరుపు కనబడింది.

ఒకసారి. మళ్ళీ ఒకసారి — నీళ్ళ అడుగున, నెమ్మదిగా తిరుగుతూ.

రపియా ఒంటరి మనిషి. అరవై దాటిన మనిషి. ఉప్పుచేపలు ఎండబెట్టుకుని బతికే మనిషి. తొట్టి పక్కన పెట్టి మోకాళ్ళ లోతు బురదలోకి దిగింది. చూసింది. నమ్మలేదు. వంగి మళ్ళీ చూసింది.

సిలుక్.

గడ్డం కింద రెండు మీసాలు. అంచుల దగ్గర ఎర్రబడ్డ పొలుసులు. దవడ కిందికి సాగి బరువుగా వేలాడుతోంది. రపియాకు అర్థమైంది. మగ చేప. నోటి నిండా పిల్లలు.

సిలుక్‌లలో పిల్లల్ని మోసేది తండ్రే. ఆడది గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. మగది వాటిని నోట పెట్టుకుంటుంది. పిల్లలు ఈదే దాకా తిండి ఉండదు. ముక్కు ముందు రొయ్య గంతులేస్తున్నా నోరు తెరవదు.

కానీ ఈ సరస్సులో సిలుక్ లేదు. లేదని తేల్చేశారు. కిందటేడు పట్నం నుంచి వచ్చిన సర్కారువాళ్ళు వలలు వేశారు, నీళ్ళు సీసాల్లో పట్టుకున్నారు, కొరమీను పులుసు మెచ్చుకున్నారు, వెళ్ళి ‘లేదు’ అని రాశారు. లేని చేపకు అడవెందుకు? ఈ చిత్తడిని నరికి పామాయిల్ తోటలు వేసుకోవచ్చని కొండవైపు నుంచి మాట వినబడుతోంది.

లేదట.

మరి ఇదేమిటి?

ఒకప్పుడు ఉండేది. ఉప్పేసి ఎండబెట్టి తిన్నారు. ముళ్ళెక్కువని విసుక్కున్నారు కూడా. తర్వాత పట్నాల్లో దాన్ని అద్దాల తొట్టిలో పెట్టుకుంటే అదృష్టమని ఎవరో చెప్పారు. ఇక ఊళ్ళ మగవాళ్ళు తండ్రి చేపల్ని పట్టి, నోరు తెరిచి, పిల్లల్ని గిన్నెల్లోకి దులిపారు. దులిపి దులిపి సరస్సును ఖాళీ చేశారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, అప్పుడు చట్టం వచ్చింది.

చెరువులో పుట్టి, ఒంట్లో చిప్పు ఉండి, సర్టిఫికెట్ ఉన్న సిలుక్‌ను డబ్బున్నవాళ్ళు ఎవరైనా పెంచుకోవచ్చు. ఈ నీళ్ళలో పుట్టిన సిలుక్‌ను ముట్టుకుంటే జైలు.

రపియాకు తెలుసు. తెలిసే ముట్టుకుంది.

తడిగుడ్డతో చేప కళ్ళు కప్పింది. బెదిరితే పిల్లల్ని కక్కేస్తుంది, లేదంటే మింగేస్తుంది. తొట్టిలో దించి, బురద మీద ఈడ్చుకుంటూ, ఆగుతూ, తిట్టుకుంటూ పాయ దాకా తెచ్చింది. తెప్ప కింద కొరమీనుల బోను ఉంది, వెదురు బద్దలతో అల్లింది. కొరమీనుల్ని పొరుగింటి బోనులోకి తోలి, దీన్ని అందులోకి వదిలింది.

వానలొచ్చే దాకా. అంతే. తనకు తాను అలాగే చెప్పుకుంది.

కానీ అంతే కాదు. పొద్దున లేవగానే తెప్ప బల్లల మీద బోర్లా పడుకుని, సందుల్లోంచి చూసేది. ఆ ఎరుపు మలుపు తిరిగి మళ్ళీ వచ్చే దాకా ఊపిరి బిగబట్టేది. ఇది నాది — అనిపించేది. ఛీ అనుకునేది. మళ్ళీ అనిపించేది. అద్దాల తొట్టి ముందు కూర్చునే షావుకారుకూ తనకూ తేడా ఏమిటి? వాడికి సర్టిఫికెట్ ఉంది. తనకు నడుంనొప్పి ఉంది.

ఊళ్ళో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. నోరు కట్టుకున్న ప్రాణి ఆ పాయలో బోనులో ఉన్నది ఒక్కటే.

అస్ముని వచ్చాడు. చెల్లెలి కొడుకు. పట్నంలో సిలుక్ చెరువులున్న ఒక షావుకారుకు సరుకు చూసిపెడుతుంటాడు.

“పెద్దమ్మా, షావుకారు వస్తానంటున్నాడు. చిప్పు ఆయనే వేస్తాడు. బియ్యపు గింజంత ఉంటదంతే. సూదితో గుచ్చితే అయిపాయె.”

“గుచ్చితే?”

“గుచ్చితే ఇది ఆయన చెరువులో పుట్టినట్టే. చట్టం అంతే మరి. నీకు కొత్త తెప్ప, నాకు మోటారు పడవ.”

“అట్లాగైతే నీకూ ఒకటి గుచ్చించుకోరా. షావుకారు చెరువులోనే పుట్టావని రాసిస్తాడు. నా చెల్లెలు పడ్డ నొప్పులు గంగలో కలుస్తాయి.”

“నవ్వులాట కాదు పెద్దమ్మా. నీ దగ్గరుంటే ఇది నేరం. ఆయన దగ్గరుంటే అదృష్టం. నువ్వే ఆలోచించుకో.”

ఆలోచించింది. ఆలోచించిన కొద్దీ కోపం వచ్చింది. అబద్ధాన్ని ఒంట్లోకి దింపితే చేపకు చట్టం కాపలా కాస్తుంది. నిజంగా పుట్టిన చోట పుట్టినట్టుంటే దొంగసొత్తు. ఇదెక్కడి న్యాయం? ఎవరి న్యాయం?

అద్దానికీ ఇవ్వను. సూదికీ ఇవ్వను.

...నాకూ ఇచ్చుకోను.

చివరి మాట అనుకోవడానికి ఆమెకు చాలా కష్టమైంది.

కొండల మీద వాన పడింది. ముందు చప్పుడు వచ్చింది. తర్వాత నీళ్ళు — నల్లగా, చల్లగా, టీ డికాషన్ రంగులో. గడ్డి మునిగింది. చెట్ల మొదళ్ళు మునిగాయి. తెప్పలు ఒకదాన్నొకటి వదిలి లేచాయి.

ఒక పొద్దున చేప దవడ వదులైంది. ఎర్రటి నలుసులు బయటికొచ్చాయి. తండ్రి గడ్డం చుట్టూ తిరిగాయి. రపియా నీడ పడగానే బిలబిలమంటూ మళ్ళీ నోట్లోకి దూరిపోయాయి. ఆమె పకపకా నవ్వింది. చాలా కాలానికి నవ్వింది.

ఇక పెట్టుకోకూడదు. ఈరోజే.

పట్టపగలు బోను తలుపు తెరిచింది. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. ఆడవాళ్ళు అంట్లు తోముతున్నారు. అందరూ చూస్తున్నారు. చాటుగా వదిలేది దొంగ. తను దొంగ కాదు.

“వినండి!” అని కేకేసింది. “దీని మీద వల వేసినోడి గుమ్మంలో కూర్చుంటా. అన్నం పెట్టినా లేవను, తన్నినా లేవను. అక్కడే చస్తా. శవాన్ని మీరే మోసుకోవాలి!”

ఒకడు వల మడిచాడు. ఇంకొకడు మడవలేదు.

తలుపు తెరిచినా చేప కదలలేదు. అక్కడే ఆగింది. రపియా చెయ్యి నీళ్ళలో పెట్టి బద్దను కదిపింది. పో... పో నాయనా. అది ఒకసారి మలుపు తిరిగింది. చిత్తడి అడవి వైపు పోయింది. నీళ్ళ నలుపులో ఎరుపు కలిసిపోయింది. ఆమె బల్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎవరో చెప్పారు. ఎవరో తెలియదు. అటవీ శాఖ అధికారి పడవ వచ్చింది. ఆయన పేరు హెర్లంబాంగ్, జావా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, నెరిసిన తల, నెమ్మదైన మాట. అస్ముని కూడా వచ్చి తేలు కుట్టిన దొంగలా ఓ పక్కన నిలబడ్డాడు.

హెర్లంబాంగ్ ఖాళీ బోనులోకి తొంగిచూశాడు. ఊపిరి వదిలాడు. ఆయనకు నిజంగానే సంతోషం వేసింది.

“చేప లేదు. చేప లేకపోతే కేసూ లేదు. ఇంతటితో వదిలెయ్యండమ్మా. ఎవరన్నా అడిగితే ఎవరి చెరువులోంచో కొట్టుకొచ్చిందని చెప్పండి. అడవి చేప అంటేనే తంటా.”

“అసలది సిలుకే కాదు సార్.” అస్ముని ముందుకొచ్చాడు. “మా పెద్దమ్మకి చూపు ఆనదు. అది కొరమీను.”

“కొరమీనుకు మీసాలుంటాయట్రా, నీ మొహానికున్నట్టు?” అంది రపియా.

అరుగుల మీద అందరూ నవ్వారు. రపియా నవ్వలేదు.

ఎంత తేలిక! ఒక్క మాట చాలు. కొరమీను. లేదా చెరువు చేప. ఆ మాటతో తను ఇంట్లోకి, ఆయన ఆఫీసుకు. అందరూ మంచివాళ్ళే. అందరూ క్షేమమే. చేప మాత్రం మళ్ళీ ‘లేదు’. అది లేకపోతే అడవీ ఉండదు.

రపియా తలగుడ్డ ముడి విప్పింది.

పొలుసు. ఒక్కటే. చేప వెళ్ళిన రోజు వెదురు బద్దకు అంటుకుని మిగిలింది. ఎవరికీ చూపించలేదు. దాన్నన్నా ఉంచుకుందామనుకుంది, తనతోపాటు మట్టిలోకి పోయే దాకా.

ఆయన అరచేతిలో పెట్టింది. ఎండ తగిలి అంచు ఎర్రగా వెలిగింది.

“అమ్మా... ఇది సాక్ష్యమవుతుంది. మీ మీదే.”

“తెలుసు బాబూ. పట్నం పంపు. పరీక్ష చేయించు. ఏ చెరువు చేపో ఏ నీటి చేపో వాళ్ళే చెప్తారు. నేనే పట్టా, నేనే పెట్టుకున్నా, నేనే వదిలా. పట్టిన చోటు చూపిస్తా, పద. అడవి అంచున. అది కూడా రాయి.”

“జైలు పడవచ్చు.”

“జైల్లో అన్నం పెట్టరా ఏం?”

అస్ముని తల పట్టుకుని కూర్చున్నాడు. హెర్లంబాంగ్ పొలుసును కాగితంలో మడిచి పెట్టుకున్నాడు. తర్వాత బల్ల మీద చతికిలబడి రాయడం మొదలుపెట్టాడు. తెప్ప కింద నీళ్ళు పొంగుతూనే ఉన్నాయి. వేలిముద్ర వేయమని సిరా డబ్బా జరిపాడు.

“ముందు పైకి చదువు.”

ఆయన చదివాడు. మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. రపియా పేరు, నేరం పేరు... చిత్తడి అడవి అంచున... ఈ సరస్సులోనే పుట్టిన... అక్కడ ఆగాడు.

“ఆగావేం బాబూ?”

“పైవాళ్ళు లేదని రాశారమ్మా.”

రపియా బొటనవేలు సిరాలో ముంచింది.

“ఉందని చదువు. గట్టిగా చదువు. ఆ చివరి తెప్పవాళ్ళకి వినబళ్ళేదు.”